చేటంత చెయ్యి

బస్సులో టికెట్టు లేనివాణ్ణి కనిపెట్టడానికి మొహం చూడక్కర్లేదు, చెయ్యి చూస్తే చాలు. టికెట్టు ఉన్నవాడు దాన్ని ఏ జేబులోనో కుక్కేసి నిశ్చింతగా కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. లేనివాడు పిడికిలి బిగించుకుని కూర్చుంటాడు, అందులో ఏదో ఉన్నట్టు. చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా నా ఉద్యోగమంతా పిడికిళ్ళు విప్పించడంతోనే గడిచింది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆ భూతమే. నేను అద్దం ముందు నిలబడితే అందులో ఉన్నవాణ్ణి కూడా టికెట్టు అడుగుతానని మా ఆవిడ అంటుంది.

ఆ అనుమానమే నన్ను మా అమ్మలు పోటీ రోజున ఎదుటివాళ్ళ గదిలోకి పంపింది.

అమ్మలు మా ఒక్కగానొక్క కూతురు. బాక్సింగ్ ఆడుతుంది. చేటంత చేతులని జిమ్‌లో అందరూ దాన్ని 'చేట' అంటారు. ఆ జిమ్ కోచ్‌గారికి ఒకటే సిద్ధాంతం, దెబ్బలో బలమంతా చేతి సైజులోనే ఉందని. గుమ్మం పక్క గోడమీద నల్లరంగుతో అద్దిన ఆయన అరచేతి ముద్ర ఉంటుంది. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు దానిమీద చెయ్యి ఆనించాలి. ముద్ర కనిపించకుండా కప్పేస్తే రింగులోకి పంపుతారు. వేళ్ళ చివర నల్లరంగు కనిపించిందా, వెళ్ళి ఆ మూల తాడాట ఆడుకోమంటారు. అమ్మలు ఇంకా బడిలో ఉండగానే ఆ ముద్రను పూర్తిగా కప్పేసింది. కోచ్‌గారు దాని చెయ్యి పైకెత్తి అందరికీ చూపించి, ఈ చెయ్యి ఉంటే ఇంకేమీ అక్కర్లేదన్నారు. ఆ మాట మేమంతా నమ్మాం. అందరికంటే ఎక్కువ అమ్మలే నమ్మింది.

పై పోటీలకు వెళ్ళే జట్టులో దాని బరువువాళ్ళకు ఒకే ఒక్క చోటుంది. దానికోసం చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు మా అమ్మలు. రెండోది వేరే జిమ్ నుంచి వచ్చిన ఒక సన్నటి పిల్ల. దాన్ని 'పిడికెడు' అంటారు. పేరుకు తగ్గట్టే నిమ్మకాయంత పిడికిలి. గ్లవ్స్ వేసుకుంటే అక్క చెప్పుల్లో కాళ్ళు పెట్టిన చంటిదానిలా ఉంటుంది. అలాంటిది సెమీఫైనల్లో తనకంటే జానెడు పొడుగున్న అమ్మాయిని కుడిచేత్తో ఒక్కటి కొట్టింది. ఆ అమ్మాయి రింగులో కూలబడి, ఆఖరి బస్సు తప్పిపోయినట్టు నలుదిక్కులా చూసింది.

పిట్ట కొంచెం కూత ఘనం అని నా పక్క కుర్చీలో ఆయన తెగ మెచ్చుకున్నాడు. నేను మెచ్చుకోలేదు. పిట్ట అంత పెద్దగా కూసిందంటే గొంతులో ఏదో పెట్టుకుందన్నమాట.

అదే రోజు అమ్మలు కూడా తన సెమీఫైనల్ గెలిచింది. కానీ అప్పట్నుంచీ నా బుర్రలో ఆ పిల్ల గ్లవ్సే. లోపల ఇనప ముక్కేమైనా కుట్టారా, పట్టీని ఏదైనా తడిపి గట్టిపరిచారా అని అన్నంలోనూ అదే ధ్యాస. మధ్యలో మా ఆవిడ, అమ్మలు ఎడంచేత్తో చెంచాతో తింటోంది గమనించావా అని అడిగింది. జట్టులోకి వెళ్ళకముందే గొప్పలు వచ్చేశాయన్నాను. ఆవిడ నన్నొక చూపు చూసి కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ పోటీల్లో ఒక పద్ధతుంది. ఆటగాళ్ళ చేతులకు పట్టీ చుట్టేటప్పుడు ఎదుటిపక్షం మనిషి ఒకరు వచ్చి దగ్గరుండి చూస్తారు. చుట్టడం అయ్యాక పట్టీమీద పెన్నుతో సంతకం పెడతారు. ఆ సంతకం చెదరకుండా గ్లవ్స్ ఎక్కాలి. మా తరఫున ఎవరు వెళ్ళాలన్న ప్రశ్నే రాలేదు. కోచ్‌గారు నా వీపు తట్టి, ఇవాళ మీ విద్య చూపించాలన్నారు.

పిడికెడు వాళ్ళ గది ఫినాయిల్ వాసన కొడుతోంది. ఆ పిల్ల కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, కుర్చీవీపు మీద చెయ్యి చాపి వేళ్ళు విడదీసి పెట్టింది. పట్టీ చుట్టేది దాని పిన్ని. కోచ్ కూడా ఆవిడే. నేను పట్టీచుట్టను మొదటి నుంచి చివరిదాకా వేళ్ళ మధ్య జార్చి చూశాను. టేపు వాసన చూశాను. గ్లవ్స్ నొక్కి, వంచి, లోపల నా చెయ్యి పెట్టి ప్రతి కుట్టూ తడిమాను. చివరికి ఆ పిల్లను అరచెయ్యి తిప్పి చూపించమన్నాను. చిన్న చెయ్యి, చెమటతో తడిగా ఉంది. అంతే.

ఏమీ దొరకలేదంటే నాకు నిశ్చింత కలగదు, ఇంకా దొరకలేదని కోపం వస్తుంది. సూటిగా అడిగేశాను. ఇంత చేతికి అంత దెబ్బ ఎక్కణ్ణుంచి వస్తోందన్నాను.

ఆవిడకు కోపం రాలేదు. ఆ పిల్లను లేపి, గాల్లోకి మెల్లగా ఒక గుద్దు వెయ్యమంది. ముందు కుడి మడమ తిరిగింది. తర్వాత నడుము, ఆ తర్వాత భుజం. చెయ్యి అన్నిటికంటే ఆఖర్న వచ్చింది.

"అందరూ చేతిలోనే వెతుకుతారండీ," అందావిడ. "పెద్ద చెయ్యైతే ఎముక గట్టిగా ఉంటుంది, బరువూ ఉంటుంది, కాదనను. కానీ తోసేది కాలు. చెయ్యి తీసుకెళ్ళి అప్పజెబుతుందంతే."

నేను నమ్మలేదు. చేతిలో పెట్టుకున్నది దాచాలంటే కాలు చూపించడం పాత ఎత్తే. అయినా పట్టుకోవడానికి ఏమీ లేక రెండు పట్టీల మీదా సంతకం గీకి బయటికొచ్చాను.

ఇప్పుడు వాళ్ళ వంతు. ఆ పిన్ని మా గదికి వచ్చింది. నేనూ ఆవిడ వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను, ఆవిడ కళ్ళు ఎక్కడ తిరుగుతాయో చూద్దామని. అమ్మలు అప్పటికే కుర్చీవీపు మీద చెయ్యి చాపి ఉంది. కోచ్‌గారు చుట్టడం మొదలుపెట్టారు. ఆవిడ పట్టీ ముట్టుకోలేదు. టేపు వైపు కూడా చూడలేదు. వచ్చినప్పట్నుంచీ అమ్మలు మొహమే చూస్తోంది. నాకది నచ్చలేదు. దిష్టి పెట్టినట్టు ఆ చూపేమిటి?

చిటికెనవేలి కణుపు మీదుగా పట్టీ బిగిసినప్పుడు అమ్మలు ఊపిరి బిగబట్టింది. ఆవిడ కోచ్‌గారితో కాదు, నాతో మాట్లాడింది.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయి చెయ్యి బాగాలేదు. ఇవాళ ఆడించకండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఓహో, ఇదా సంగతి, ఇనప ముక్క గ్లవ్స్‌లో లేదు, నాలుకలో ఉంది అనుకున్నాను. రింగు ఎక్కకుండానే గెలవాలని చూస్తోంది. ఎదుటిపిల్ల మనసులో భయం వేసి, అది పనిచెయ్యకపోతే తండ్రి మనసులో వేసి, జట్టులో చోటు పుణ్యానికి పట్టుకుపోదామని. గట్టిగా నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను.

ఈలోగా కోచ్‌గారే అందుకున్నారు.

"ఎముక్కేమీ కాలేదు. కాస్త వాపు. ఐసు పెడుతున్నాం, తగ్గిపోయింది."

ఎముక మాట ఎవరెత్తారు? వాపు మాట ఎవరన్నారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ అనని మాటలన్నీ ఆయనే అనేశారు. టికెట్టేదని అడిగితే ఎక్కిన స్టాపూ దిగే స్టాపూ కూడా చెప్పేవాణ్ణే నేను ముందు దింపుతాను. తెరిచిన నోరు అలాగే మూసి, మొదటిసారి నా కూతురి చెయ్యి చూశాను.

కుర్చీవీపు మీద ఆ చెయ్యి చాపుకుని ఉంది. నిన్న కంచం పక్కన కూడా అలాగే ఉంది. రాత్రి పడుకున్నప్పుడు దిండు మీదా అలాగే. పొద్దున పోటీల డాక్టరు ఆటగాళ్ళను వరసలో నిలబెట్టి అరచేతులు చాపమంటే, చేటంత చేతులు రెండూ అందరికంటే చక్కగా చాపింది. ఆయన ముందుకు వెళ్ళిపోయాడు. మూసిన పిడికిలి కనిపిస్తే ఊరుకోని నేను, తెరిచిన చేతిని ఎప్పుడూ అనుమానించలేదు. సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎవరి గ్లవ్స్‌లోనో చెయ్యి దూర్చి తడుముకొచ్చాను.

"అమ్మలూ, పిడికిలి బిగించు."

అది కోచ్‌గారి వైపు చూసింది. ఆయన ఆఖరి నిమిషంలో ఇవన్నీ ఎందుకని గొణిగారు. నేను మళ్ళీ అడిగాను.

వేళ్ళు సగందాకా వచ్చాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ముడుచుకున్నాయి. మిగతా రెండూ దారిలో ఆగిపోయాయి. అది పళ్ళు బిగపట్టి ఇంకోసారి ప్రయత్నించింది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి గానీ ఆ రెండు వేళ్ళూ కదల్లేదు. టేపు కత్తెర తీసుకుని పట్టీ నేనే కోసేశాను. మణికట్టు దాకా నీలంగా వాచి ఉంది. చిటికెనవేలి కణుపు ఉండాల్సిన చోట గుంట పడింది.

ఎప్పట్నుంచి అని అడిగాను. సెమీఫైనల్ నుంచి అంది. ఎదుటి అమ్మాయి తల వంచిందట, గుద్దు నడినెత్తిన దిగిందట. అంత దెబ్బ తగిలితే ఇంట్లో ఒక్కమాట ఎందుకు చెప్పలేదన్నాను. నా గొంతు ఇన్‌స్పెక్టరు గొంతులాగే వచ్చింది, మార్చుకోవడం నాకు చేతకాలేదు.

"చెప్తే నమ్మవు కదా నాన్నా," అంది అమ్మలు. "పోయినసారి పోటీకి ముందు కడుపునొప్పి అంటే డాక్టరు చీటీ చూపించమన్నావు. ఇప్పుడు ఆ పిల్లకి భయపడి సాకు చెప్తున్నానంటావనుకున్నాను."

తర్వాత ఆ చెయ్యి చూసుకుంటూ, ఈ చెయ్యి ఉంటే ఇంకేమీ అక్కర్లేదన్నారుగా, ఇప్పుడు ఇదే పోతే నా దగ్గర ఇంకేముంది అని కోచ్‌గారిని అడిగింది. ఆయన టేపుచుట్టను జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకున్నారు.

నిర్వాహకుల బల్ల దగ్గరికి నేనే వెళ్ళి, మా అమ్మాయి ఆడటం లేదని చెప్పాను. జట్టులో చోటు పిడికెడుకు వెళ్ళింది. ఆ పిల్ల నా సంతకాలున్న పట్టీలతోనే నడవాలో నిలబడి ఉంది. గెలిచిన సంతోషం దాని మొహంలో ఎక్కడా లేదు, ఆడనివ్వలేదని అలిగినట్టుంది. వాళ్ళ పిన్ని నోరు మూసుకుని కూర్చున్నా ఆ చోటు వాళ్ళదే. పైగా చప్పట్ల మధ్య దక్కేది. ఆ సంగతి నాకు మెట్లు దిగుతున్నప్పుడు గానీ తట్టలేదు. వెనక్కి వెళ్ళి ఆవిడకొక మాట చెప్పాలనుకున్నాను, కానీ అమ్మలు వాచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని నడుస్తోంది, ఆలస్యం చెయ్యబుద్ధి కాలేదు.

ఆసుపత్రికి బస్సులోనే వెళ్ళాం. అది కిటికీ పక్కన కూర్చుంది. ఆ చేతిని నా ఒళ్ళో పెట్టుకుని, కుదుపులు తగలకుండా కింద నా రెండు అరచేతులూ పెట్టాను. అయినా దాని వేళ్ళు బయటికే ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలనుకున్నాను.

ఎక్స్‌రే చూసిన డాక్టరు కుర్రవాడు, మంచివాడు. ఎముక విరిగింది, సమయానికే తీసుకొచ్చారు, ఇంకొక్క గుద్దు పడి ఉంటే వేలు ఎప్పటికీ సరిగ్గా ముడుచుకునేది కాదన్నాడు. తర్వాత అమ్మలు వైపు తిరిగి, నొప్పి ఎంతుందమ్మా అని అడిగాడు.

అమ్మలు జవాబు చెప్పేముందు నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను బస్సెక్కి వరస వెంట నడుస్తుంటే జనం నన్ను చూసే చూపే అది.

నేను లేచి, తెర తీసుకుని బయటికొచ్చి, వరండాలో బల్లమీద కూర్చున్నాను. తెర వెనకనుంచి దాని గొంతు వినిపించింది.

"చాలా నొప్పిగా ఉందండీ."