చప్పుడు లేని బండి

మా నాన్న కూర్మనాథం శ్రీకూర్మం గుడిలో సన్నాయి వాయించేవాడు. నాకు ఆ విద్య అబ్బలేదుగానీ చెవి మాత్రం అబ్బింది. శ్రీకాకుళానికి ఇవతల, మా ఊరి రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ముందు చక్రాల దగ్గర ఏ చప్పుడొచ్చినా, బండి ఆగకముందే ఏ భాగం అరిగిందో చెప్పేస్తాను. నేను చెవి ఒగ్గి వింటుంటే చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపేస్తారు. అలా ఆపితే నాకు ఎంత సుఖంగా ఉంటుందో దాచుకోవడమెందుకు? ప్రతిదానికీ జాకీ ఎత్తి చూసే మెకానిక్కులంటే నాకు చిన్నచూపు.

ఆ శనివారం పొద్దున్నే, మా ఊళ్లో కిరాయికి జీపు తోలే చినబాబు బండి తెచ్చాడు. గోతుల్లో పడితే ముందు ఎడమవైపు ఠకఠకమంటోందనీ, స్టీరింగు వణుకుతోందనీ ముందురోజే ఫోన్ చేశాడు. మా అమ్మాయి విశాలి, ఇంకో ఆరుగురు పిల్లలు, వాళ్ల సంగీతం టీచరు చూడామణిగారు ఆ బండిలోనే విజయనగరం పాటల పోటీకి వెళ్లాలి. పదిన్నరకల్లా అక్కడుండాలి.

"ఏదిరా సప్పుడు?" అన్నాను.

"నిన్న ఉన్నాది మావా. ఇయాల లేదు. నువ్వే ఇను."

నేనే నడిపాను. స్పీడుబ్రేకరు మీంచి రెండుసార్లు పోనిచ్చాను. స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాను. చప్పుడు లేదు. చేతికి కొంచెం వణుకు తెలిసింది. చక్రం బ్యాలెన్సు తప్పి ఉంటుందిలే అనుకున్నాను. జాకీ వేసి, చక్రం కింద గడ్డపార పెట్టి ఎత్తి చూస్తే అయిదు నిమిషాల పని. పిల్లలు తొందరపడుతున్నారు. నా చెవి మీద నాకు నమ్మకం.

"ఏటీ లేదు, ఎల్లిరండి" అన్నాను.

దారిలో పాటలు మళ్లీ పాడుకోవాలని టీచరు అందరి ఫోన్లూ సైలెంటులో పెట్టించి, తన ఫోన్ కూడా సంచిలో పడేశారు. విశాలి ముందు సీట్లో కూర్చుని చెయ్యి ఊపింది.

పది నిమిషాలయ్యాక టీ తాగుతుంటే, పక్కనే పశువుల మందుల కొట్టు పెట్టుకున్న అసిరయ్య వచ్చాడు.

"సినబాబు నా సిరంజి నీకిచ్చి ఎల్లినాడేటి?"

"ఏం సిరంజి?"

"గేదెలకి పొడిసేది, లావు సూదిది. బండికి ఆయిలెక్కించాలని నిన్న సాయంత్రం పట్టుకెల్లినాడు."

చప్పుడెందుకు పోయిందో అప్పుడర్థమైంది. ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింటు ఒకటుంటుంది. గిన్నెలో గుండు తిరిగినట్టు తిరుగుతుంది. అరిగితే ఠకఠకమంటుంది. దాని రబ్బరు తొడుగులోకి సూదితో ఆయిలెక్కిస్తే రెండు రోజులు నోరు మూసుకుంటుంది. అరుగుదల అరుగుదలే. గుండు ఊడి బయటికొచ్చిందంటే చక్రం అడ్డం తిరిగి బండి కిందికి మడతపడుతుంది. హైవే మీద ఎనభైలో అలా జరిగిన బళ్లను నా షెడ్డుకి ఈడ్చుకొచ్చారు. వాటి సీట్లు నేను చూశాను.

చినబాబుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని వాడికి నీతులు చెప్పింది నేనే. విశాలికి చేశాను. టీచరుకి చేశాను. ఎవరూ ఎత్తలేదు. గ్లాసు అక్కడే వదిలేసి బైకు తీశాను.

శ్రీకాకుళం ఊళ్లో ఆటోలన్నీ ఆ రోజే నాకు అడ్డం పడాలని పుట్టినట్టున్నాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. రోడ్డు మీద ఎక్కడ జనం గుమిగూడి కనిపించినా, ఆ జీపేమోనని మెడ సాచి చూశాను. ఒకచోట చెరుకురసం బండి, ఒకచోట బస్సు కోసం నిలబడ్డవాళ్లు.

ఎచ్చెర్ల దాటాక జీపు కనిపించింది. వెనకనుంచి చూస్తేనే తెలిసింది, ఎడమ ముందు చక్రం తిన్నగా తిరగడం లేదు. హారను మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాను. నేను కంగారుగా చేతులూపితే చినబాబు భయపడి గట్టిగా బ్రేకు తొక్కుతాడు. తొక్కితే ఊడుతుంది. ముందు సీట్లో నా కూతురు.

నవ్వు మొహం పెట్టుకుని డ్రైవరు పక్కకి వెళ్లాను. పిల్లలు పాడుతున్నారు.

"ఇశాలి కాగితమొకటి మర్సిపోనాదిరా. తొందర్లేదు. బ్రేకు తొక్కొద్దు, గేరు దించుకుంటూ మెల్లగా పక్కకి తియ్యి."

"అలాగే మావా" అని వాడూ నవ్వాడు.

అరవై. నలభై. వెనక లారీవాడు హారను కొడుతున్నాడు. కొట్టుకోనీ. ఇరవై. మనిషి నడిచినంత వేగానికి వచ్చి, తారు మీంచి మట్టిలోకి దిగేచోట, అరచేతి లోతు మాత్రమే ఉన్న ఆ పల్లంలో ఠప్పుమంది. చక్రం అడ్డం తిరిగింది. జీపు ముందుభాగం దాని మీద కూలబడి ఆగిపోయింది. పాట ఆగిపోయింది.

ఎవరికీ గీత కూడా పడలేదు. పిల్లలు దిగారు. చూడామణిగారు ఒక్కొక్కరినీ తడిమి చూసుకుంటున్నారు. చినబాబు మడతపడ్డ చక్రాన్ని చూసి తెల్లబోయాడు.

"సప్పుడుంటే నువ్వు బండి షెడ్లో పెట్టీమంటావని, కిరాయి పోతాదని... రేపు సేయించుకుందామనుకున్నాను. సౌండు పోనాది కదా అనీసి..."

తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట. ఒళ్లు మండిపోయి వాడి చొక్కా పట్టుకుని చెయ్యెత్తాను.

"నాన్నా, ఆగు" అంది విశాలి. మొహం పాలిపోయి ఉంది. "శ్రీకాకుళం దాటిన కాడినుంచి నాకినిపిస్తన్నాది. సన్నగా, కాళ్ల కింద. ఆపమందామనుకున్నాను."

"మరెందుకు సెప్పలేదమ్మా?"

"నువ్వు ఇన్నావు కదా. నువ్వు ఏటీ లేదన్నాక, నాకే తప్పు ఇనిపించిందనుకున్నాను."

చెయ్యి దానంతటదే దిగిపోయింది. సిగ్గేసి వాడి చొక్కా వదిలేశాను. చినబాబు, టీచరు, పిల్లలు, లారీ ఆపి దిగొచ్చిన డ్రైవరు, అందరూ నన్నే చూస్తున్నారు.

"నాకే ఇనిపించలేదమ్మా" అన్నాను. "నీకు సరిగ్గానే ఇనిపించింది."

వెనకున్న పిల్లలకి వినపడలేదేమోనని, ఆ మాట మళ్లీ గట్టిగా చెప్పాను.