గ్వీజెన్ అడుగుల్లో మంచు

పొద్దున ఆరయ్యేసరికి గ్వీజెన్ చెప్పులు చేత్తో పట్టుకుని సాన్యా బీచిలోకి దిగేది. పడమటి పెద్ద రాళ్ళ దాకా నడిచి, అక్కడ కాసేపు కూర్చుని, మళ్ళీ తిరిగొచ్చేది. డాక్టరు చెప్పిన నడక అది. ఆమె ఊపిరితిత్తులు చిల్లుపడ్డ కొలిమితిత్తుల్లాంటివి. నాలుగు మాటలు మాట్లాడితే అయిదో మాటకి ఈల వేసేవి. "ఇంకొక్క చలికాలం మీ ఊళ్ళో ఉన్నావంటే, ఆ తర్వాతొచ్చే చిగుళ్ళు నువ్వు చూడవమ్మా," అన్నాడు డాక్టరు. అందుకని మూడేళ్ళుగా, చలి మొదలవగానే రైలెక్కి, దేశం ఆ కొసనించి ఈ వెచ్చటి దక్షిణపు కొసకి వచ్చి పడేది.

ఆమె ఊరు హోంగ్లిన్, చైనా ఉత్తరపు కొసన. హెయ్‌లాంగ్‌జియాంగ్ అడవుల్లో ఉంది. అక్కడి చలి గురించి చెప్తే కోతలంటారు గానీ, ఆ ఊళ్ళో వేడి టీ గాల్లోకి విసిరితే కిందపడేది టీ కాదు, పొడి. కోడి తెల్లారుజామున నోరు తెరిస్తే మళ్ళీ మూసుకోడానికి మధ్యాహ్నమయ్యేది. ఆవలించినోడు గబుక్కున మూసుకోకపోతే చలికాలమంతా అట్టాగే తిరగాల్సిందే. అట్టా తిరిగినోళ్ళు ఇద్దరున్నారు, పేర్లు చెప్తే బాగోదు.

అందుకే ఆ ఊళ్ళవాళ్ళలో కాస్త దగ్గూ, కాస్త ఓపికా ఉన్నోళ్ళంతా శీతాకాలానికి సాన్యాకి దిగిపోతారు. ఆ బీచిలో చేపలకన్నా వాళ్ళే ఎక్కువ. పొద్దున్నే పాటలు పెట్టుకుని వరసల్లో నిలబడి ఆడతారు, ఆ తర్వాత ఎవరి కోడలు ఏమందో చెప్పుకుంటారు.

గ్వీజెన్ ఆటకి పోయేది కాదు. ఊపిరి చాలదు. ఆమె నడిచేది, అంతే.

ఆమె ఇసకలో అడుగేసి తీస్తే, ఆ గుంటలో మంచుండేది. హోంగ్లిన్‌లో తన ఇంటి వాకిటి మంచే. పాదమంత మేర, తెల్లగా, పొడిపొడిగా. కొబ్బరిబొండాలమ్మే ఫూ లాన్ ఆమె వెనకాలే బండి తోసుకుంటూ వచ్చి, ఒక్కో అడుగులో ఒక్కో బొండం దింపేది. ఆమె పెద్ద రాళ్ళ దాకా పోయి వచ్చేసరికి బొండాలు పళ్ళు జివ్వుమనేంత చల్లబడేవి. ఫూ లాన్ అక్కడ పుట్టిపెరిగిన మనిషి. జన్మలో మంచు పడే ఊరు మొహం చూడలేదు.

"అక్కా, ఇవాళ అంగలు పెద్దవి వేస్తన్నావు. ఒక బొండం దగ్గర్నించి ఇంకో బొండం కాడికి పోయేలోపు నా మోకాళ్ళు పోతన్నాయి," అనేది ఫూ లాన్.

"నీకోసం పావురంలా నడవమంటావా ఏంటి?"

"నడిస్తే తప్పేముంది? దగ్గన్నా తగ్గుద్ది."

గ్వీజెన్ మాత్రం తిరిగొచ్చేటప్పుడు ఒక్కో అడుగు దగ్గరా ఆగి, వంగి, లోపల ఏముందో చూసుకునేది. మంచు పల్చగా ఉండి, దాని మీద పుల్లల చీపురు గీతలుంటే, మొగుడు లువాన్ దెహై లేచి వాకిలి ఊడ్చినట్టు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు కనిపిస్తే, ఊడుస్తా ఊడుస్తా నములుతున్నట్టు. కుక్క అడుగు పక్కన చీపురు గీత వంకరగా ఉంటే, కుక్క మీద చీపురు విసిరినట్టు. ఇంటి కబుర్లన్నీ అట్టా చూసేసుకుని, ఆ తర్వాతే ఇంటికి ఫోను చేసేది.

అప్పుడింక ఫోనెందుకంటారా? ఆ వైపు మనుషులకి ఒక అలవాటుంది. ఊరు దాటి ఉన్నోళ్ళకి మంచి కబురే చెప్పాలి. ఇల్లు తగలబడితే, ఈసారి చలి అంత లేదులే అంటారు. గ్వీజెనూ తక్కువది కాదు. రాత్రంతా దగ్గి, పొద్దున్నే ఫోనులో, "ఇక్కడి గాలికి నాకు పాటలు కూడా వస్తున్నాయయ్యా," అనేది. ఇద్దరూ రోజూ పావుగంట అట్టా ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకుని, హాయిగా ఫోను పెట్టేసేవాళ్ళు.

నువ్వూ రావయ్యా అని మూడేళ్ళూ అడిగింది. దెహై రాడు. "క్యాబేజీ ఊరేసిన జాడీ ఎవరు చూస్తారే? పైగా అక్కడ మంచు లేదు. పొద్దున్నే లేచి ఏం చెయ్యను, సముద్రాన్ని ఊడవనా?" అనేవాడు. ఊళ్ళో అందరికన్నా ముందు తన వాకిలి తెల్లారాలి. అదొక్కటే ఆయనకున్న గొప్ప. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఒక్కనాడు మానలేదు. కూతురు పుట్టిన పొద్దున కూడా ముందు వాకిలి ఊడ్చి, ఆ తర్వాతే పిల్లని చూశాడు. గ్వీజెన్ దానికి ఇప్పటికీ సాధిస్తది.

నాలుగో ఏడు, కొత్త సంవత్సరం పండగ ఇంకా రెండు వారాలుందనగా, ఒక పొద్దున ఆమె అడుగుల్లో చీపురు గీతల్లేవు. మంచు గుంట నిండి పైకి పొంగింది, పొంగిన రొట్టెలాగా.

ఫోను చేసింది. "ఏమయ్యా, వాకిలి ఊడ్చావా?"

"ఊడ్చక? అద్దంలాగుంది. మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు."

గ్వీజెన్ తన కాళ్ళ వంక చూసుకుంది. మంచు చీలమండ దాకా ఉంది. "గొంతేంటి అట్టాగుంది?"

"ఇప్పుడే లేచాలే. బాగున్నా. నీ దగ్గు?"

"దగ్గంటే ఏంటో మర్చిపోయాను."

రెండో పొద్దున, అడుగు తీసేసరికి మంచు మోకాలెత్తున లేచి నిలబడింది. గట్టిగా, పాదం ఆకారంలో. ఫూ లాన్ దాని మీద బొండం పెట్టబోతే జారి దొర్లిపోయింది. "ఇదేం కుదరదక్కా. గుంటైతే కూర్చుంటది గానీ, స్తంభం మీద బొండమెట్టా కూర్చుంటది? ఇంట్లో ఎవరూ ఊడవట్లేదా?" అంది.

గ్వీజెన్ ఇంటికి ఫోను చేసింది. దెహై ఎత్తాడు. "బాగున్నా, బాగున్నా, నూడుల్స్ ఉడుకుతున్నాయి," అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు. ఉడుకుతున్న చప్పుడేం వినపడలేదామెకి.

మూడో పొద్దున మంచు నడుమెత్తు లేచింది. అడుగడుక్కీ ఒక తెల్లటి కంబం, బీచిలో కరెంటు స్తంభాలు పాతినట్టు. పొట్టు లేదు. కుక్క జాడ లేదు. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

అప్పుడు పక్కింటి గువాన్‌కి చేసింది. గువాన్‌కి అరవై ఎనిమిదేళ్ళు, దెహైతో పాటు అడవిలో చెట్లు కొట్టినోడు. పరువు కొద్దీ మంచి మాటలే మొదలెట్టాడు. "ఆ, వదినా! ఇక్కడంతా బ్రహ్మాండం. వాతావరణం..."

"నీ వాతావరణం తగలెయ్య! మా వాకిట్లో మంచు నడుమెత్తుంది. మీ అన్న ఏడి?"

గువాన్ నిజం కక్కాడు. మూడు రోజులుగా మంచు తుఫాను. గేటుకీ ఇంటి తలుపుకీ మధ్య మంచు మేట వేసింది. కుక్క మొన్నే గోడ దూకి తన ఇంటికొచ్చేసింది. తను గోడవతల్నుంచి కేకేస్తే, దెహై లోపల్నించి బాగున్నానన్నాడు. బాగున్నానన్నాడు గదాని తనూ వెళ్ళిపోయాడు.

"పొగ గొట్టంలోంచి పొగొస్తోందా?"

"నిన్న మధ్యాహ్నం నించీ లేదొదినా."

పొగ లేదంటే పొయ్యి లేదు. పొయ్యి లేదంటే కింద మంట పెట్టుకునే ఇటుక మంచానికి వేడి లేదు. బయట సున్నాకి ముప్ఫై ఎనిమిది కింద. గువాన్ పార పట్టాడు. ఒక అంగ తవ్వితే గాలి రెండంగలు పూడుస్తోంది. అతని నడుమూ అంతంత మాత్రమే. మంచు తోసే ట్రాక్టరు ఎల్లుండి గానీ రాదన్నారు.

గ్వీజెన్ ఫోను చెవి దగ్గర్నించి తియ్యలేదు. కిందపడున్న కర్ర తీసుకుని ఇసకలో గీతలు గీసింది. ఇది గేటు. ఇది కట్టెల మోపు. ఇది క్యాబేజీ జాడీ ఉండే పాక. ఇది తలుపు. గేటు దగ్గర నిలబడి అడుగేసింది.

"గువానూ, గేటు కాడ చూడు. ఏమన్నా అయిందా?"

ఫోనులో గాలి హోరు. ఆ తర్వాత గువాన్ కేక. "అయిందొదినా! అడుగు మేర బొక్క పడింది, నేల దాకా! ఇంకొంచెం ఎడమకి! నీ ఎడమ కాదు, నా ఎడమ!"

ఆమె అడుగు తీసిన చోట ఇసక మీద తెల్లటి కంబం లేచింది. పక్కన ఇంకో అడుగు. దాని పక్కన ఇంకోటి. నాలుగు వరసలు వేసేసరికి కంబాలు ఒకదానికొకటి అతుక్కుని గోడైపోయింది. కాలు పెట్టే చోటు లేదు. ఫూ లాన్ బండి వదిలేసి పరిగెత్తుకొచ్చి, రెండు చేతుల్తో మంచు తోడి అవతల పోసింది.

"మీరట్టా ఎగురుతా కూర్చోకపోతే ఓ చెయ్యెయ్యొచ్చుగా!" అని ఆటాడేవాళ్ళ మీద అరిచింది.

పాట ఆగింది. ఆడవాళ్ళు వచ్చారు. బకెట్లు తెచ్చినోళ్ళు బకెట్లు, మూకుళ్ళు తెచ్చినోళ్ళు మూకుళ్ళు. ఒకామె తన టోపీతోనే తోడింది. చేపలమ్మే ఆమె వచ్చి, పోసిన మంచుని పోసినట్టే తట్టల్లోకి ఎత్తుకుపోయింది.

గ్వీజెన్ నడిచింది. గేటు దగ్గర్నించి కట్టెల మోపు దాకా. కట్టెల మోపు దగ్గర్నించి పాక దాకా. ఎండెక్కింది. ఛాతీలో ఈల మొదలై, ఈల కాస్తా కీచుమని, ఆ తర్వాత అసలు చప్పుడే లేకుండా పోయింది. ఆమె ఊరినించి వచ్చిన ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. "ఆగవే గ్వీజెన్. నువ్వు పోతే ఆయనకి వండి పెట్టేదెవరు?"

"నేను వండితే ఎప్పుడు బాగుందన్నాడు గనక," అంది. చెయ్యి విడిపించుకుంది. మొహం నీలంగా ఉంది.

"వదినా, ఇంకో పది అంగలు," అన్నాడు గువాన్. కాసేపటికి, "ఇంకో ఆరు." ఆ తర్వాత, "కుక్క లోపలికి దూరింది." ఆ తర్వాత ఏం వినపడలేదు.

గ్వీజెన్ ఆఖరి అడుగు తలుపు గీత మీద వేసి, అక్కడే ఇసకలో కూలబడిపోయింది. ఫూ లాన్ ఒక బొండం కొట్టి నోటికి పట్టించింది. బీచి మధ్యలో ఎండలో తెల్లటి గుట్ట. దాని నీడలో నలభై మంది ఆడవాళ్ళు, స్పీకరు పెట్టిన ఒక్క ఫోను.

చివరికి ఫోనులో గువాన్ గొంతు. "ఉన్నాడొదినా. బతికున్నాడు. కాలు విరిగింది. మూడు రోజుల కింద పైకప్పు మీద మంచు తోస్తా జారాడంట. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాడు. పొయ్యి వెలిగిస్తన్నా."

"ఏమంటున్నాడు?"

"బాగున్నానంటున్నాడు."

నలభై మందీ ఒక్కసారి నవ్వారు. గ్వీజెన్ నవ్వలేదు. "ఆయనకివ్వు," అంది. అవతల దెహై ఫోను తీసుకున్నాడు. గొంతు సన్నగా, కర్ర గీసినట్టు వచ్చింది.

"ఏమే. వాకిలెవరు ఊడ్చారు?"

"నేనే."

"మూలలు వదిలేశావు," అన్నాడు.

"లేచొచ్చి నువ్వు చేసుకో."

అంతే, ఫోను పెట్టేసింది. ఆ రోజు బీచిలో బొండాలన్నీ ఆ గుట్టలోనే చల్లబడ్డాయి. గుట్ట కరగడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ అక్కడి కొంగలు దాని నీడలోనే నిలబడ్డాయంటే చూసుకోండి.

మరుసటేడు చలి మొదలవకముందే దెహై క్యాబేజీ జాడీనీ, కుక్కనీ గువాన్‌కి అప్పజెప్పి, కుంటుకుంటూ రైలెక్కాడు. సాన్యాలో దిగి మొదటి పొద్దునే గ్వీజెన్‌తో పాటు బీచికొచ్చాడు. ఆమె ముందు, ఆయన వెనక. ఆయన చంకలో పుల్లల చీపురు. అంత దూరం మోసుకొచ్చాడు.

ఫూ లాన్ బండి తోసుకుంటా వెనకాలే వచ్చి, మొదటి అడుగులోకి వంగి చూసింది. ఉత్త ఇసక. రెండో అడుగూ అంతే. మనిషి లేని వాకిట్లోంచి మంచేం వస్తది.

"బావగారూ, మీరొచ్చారు, నా యాపారం పోయింది," అంది. "ఇంక ఐసు పెట్టె కొనుక్కోవాలి నేను."

"మంచి కబురే చెప్పావమ్మాయ్," అన్నాడు దెహై.

గ్వీజెన్ పెద్ద రాళ్ళ దాకా పోయి వెనక్కి తిరిగింది. పాత అలవాటు చొప్పున ఒక్కో అడుగు దగ్గరా ఆగి, వంగి, లోపలికి చూసుకుంటా వచ్చింది. అన్నీ ఖాళీ. ఒకదాంట్లో మాత్రం పొద్దుతిరుగుడు గింజ పొట్టు ఉంది. తలెత్తి చూసింది. నాలుగంగల అవతల మొగుడు, బుగ్గ నిండా గింజలు పెట్టుకుని, నములుతా, ఉమ్ముతా వస్తున్నాడు.

"బీచంతా పొట్టు చేస్తే ఎవరూడుస్తారయ్యా?" అంది.

దెహై చంకలోని చీపురు తీసి చేత్తో పట్టుకున్నాడు.