రెండు వీడియోల మధ్య

గురువారం మధ్యాహ్నం మూడు గంటలకి నాగేంద్రమ్మ నడవాలని క్లినిక్ వాళ్ళు నిర్ణయించారు. నడవాల్సింది తనే అయినా ఆ సంగతి అందరికంటే ఆఖర్న తెలిసింది ఆమెకే. పొద్దున్నే రీతూ వచ్చి కిటికీ పరదాలు జరిపి, "ఆంటీజీ, ఇవాళ లైట్ కలర్ చీర కట్టుకోండి. వీడియోలో బాగా వస్తుంది" అంది.

రీతూ ఆ క్లినిక్‌లో పేషెంట్లని చూసుకునే పిల్ల. చూసుకోవడం అంటే నవ్వడం. నొప్పి అంటే నవ్వుతుంది, నీళ్ళు రావడం లేదంటే నవ్వుతుంది, ఈ మందులో ఏముందమ్మా అని అడిగితే ఇంకాస్త ఎక్కువ నవ్వుతుంది.

"నేను ఎక్కడికి నడవాలి?" అని అడిగింది నాగేంద్రమ్మ ఇంగ్లీషులో.

"ఎనిమిది అడుగులే ఆంటీజీ. కాలిపర్లు వేసుకుని, వాకర్ పట్టుకుని. తర్వాత కెమెరా వైపు చూసి రెండు మాటలు చెప్పాలి."

నాగేంద్రమ్మకి ఒళ్ళు మండింది. కాళ్ళకి ఇనుప పట్టీల కాలిపర్లు బిగించుకుని, వాకర్ పట్టుకుని, ఎనిమిదేమిటి ఇరవై అడుగులు ఆమె పదేళ్ళుగా నడుస్తూనే ఉంది. మలేషియాలో తెలుక్ ఇంతాన్ అనే ఊళ్ళో, తన ఇంట్లో, రోజూ సాయంత్రం వంటింట్లోంచి వరండాదాకా. బడి ముందు లారీ గుద్ది నడుం విరిగిన ఏడాదికే అక్కడి గవర్నమెంటు ఆసుపత్రిలో ఒక చైనా నర్సు తిట్టి తిట్టి నేర్పించిన నడక అది.

ఇక్కడికి వచ్చిన మొదటిరోజు మాత్రం వీళ్ళు ఆ కాలిపర్లు విప్పించేశారు. "బేస్‌లైన్ తీసుకోవాలి, ఆ ఇనుమంతా తీసెయ్యండి" అన్నారు. రెండు కమ్మీల మధ్య నిలబెట్టి వదిలేస్తే ఆమె గోనెసంచిలా కూలబడింది. దాన్ని శ్రద్ధగా వీడియో తీశారు. ఇప్పుడు, ఎనిమిది వారాల ఇంజెక్షన్ల తర్వాత, కాలిపర్లు తగిలించి ఇంకో వీడియో. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎంత మొండివాడైనా దణ్ణం పెడతాడు. మందు పనంతా చేసింది ఇనుమే.

ముప్ఫై ఏళ్ళు బళ్ళో సైన్సు పాఠాలు చెప్పిన మనిషి నాగేంద్రమ్మ. రోజుకో చిన్న సీసా ఫ్రిజ్‌లోంచి వచ్చేది. దాని మీద లేబులు ఉండేది కాదు. ఏమిటిది అంటే "సెల్స్". ఎవరివి అంటే "మేడమ్ రీసెర్చ్". మేడమ్ అంటే పెద్ద డాక్టరు, వారానికొకసారి సెంటు వాసనతో వచ్చి భుజం తట్టి వెళ్ళే ఆవిడ. పరీక్షలో ఏ పిల్లవాడైనా ఇలాంటి జవాబు రాస్తే నాగేంద్రమ్మ ఆ కాగితాన్ని క్లాసులో అందరికీ చూపించి నవ్వించేది. అలాంటిది, అదే సీసాలోది తన వెన్నులోకి ఎక్కించుకోవడానికి సముద్రం దాటి నోయిడా వచ్చింది. ఇంటర్నెట్‌లో ఎవరో తెల్లవాడు వాకర్‌తో నడుస్తున్న వీడియో చూసి వచ్చింది. వాడి కాళ్ళకి ప్యాంటు ఉందని, ప్యాంటు లోపల ఏముందో చూడలేదని ఆమెకి తట్టనేలేదు. ఈ క్లినిక్‌లో అందరి మీదా అసహ్యమే గాని, అందులో పెద్ద వాటా ఆమె తనకే ఉంచుకుంది.

ఇప్పుడు ఆమెకి కావలసింది ఒక్కటే. శనివారం మధ్యాహ్నం విమానం. వీల్‌చైర్ మీద వెళ్ళేవాళ్ళకి డాక్టరు సంతకం ఉన్న ఫారం లేకపోతే ఎక్కించరు. ప్రయాణానికి తట్టుకోగలదని రాయాలి, స్టాంపు వెయ్యాలి. ఆ ఫారం నాలుగు రోజులుగా రీతూ టేబుల్ మీద పడి ఉంది. అక్కడ చెల్లెలు కాంతమ్మ ఫోనులో రోజూ ఒకటే పాట: "అక్కా, వానలు మొదలయ్యాయే. నీ గది తుడిపించాను, వస్తన్నావు కదా?" అక్కడ తలుపులు వెడల్పు, ఎక్కడా గడప లేదు. అర్ధరాత్రి లేచినా ఎవర్నీ పిలవక్కర్లేదు. ఇక్కడ, కాళ్ళు రానివాళ్ళని నడిపిస్తామని గోడ మీద బంగారు అక్షరాలు రాసుకున్న ఈ చోట, బాత్రూమ్ ముందు జానెడు గట్టు. ఆయా వచ్చి బెడ్‌పాన్ పెట్టేదాకా పళ్ళు బిగించుకుని పడుకోవాలి.

"సంతకం?" అని అడిగింది రీతూని.

"సాయంత్రం మేడమ్ చేసేస్తారు. వీడియో అయ్యాక మీతో మాట్లాడటానికి ఒక ఫ్యామిలీ వస్తోంది. ఢిల్లీలో ఆర్.కె. పురం నుంచి. మీవాళ్ళే ఆంటీజీ, తెలుగు! వాళ్ళమ్మాయికి యాక్సిడెంట్. కొంచెం ధైర్యం చెప్పండి, చాలు."

అంతే చెప్పింది. సంతకానికీ ధైర్యానికీ మధ్య ముడి ఎక్కడుందో చెప్పనేలేదు, నవ్వింది.

మూడింటికి నాగేంద్రమ్మ లేత పసుపు చీరలో ఎనిమిది అడుగులు వేసింది. చీర అంచు పాదాలదాకా ఉంది. ఇనుము కనపడకుండా కెమెరా నడుం పైనే ఉంది. ఏమైనా చెప్పండి అంటే, "నేను ఇంటికి వెళ్తున్నాను, చాలా సంతోషంగా ఉంది" అంది. అది నిజమే. రీతూ చప్పట్లు కొట్టింది.

గుమ్మం దగ్గర ఆ తెలుగువాళ్ళు నిలబడి అంతా చూశారు. కేశవరావు కేంద్ర వ్యవసాయశాఖ కృషిభవన్‌లో సెక్షన్ ఆఫీసరు. చంకలో ఫైలు, ఫైలుకి నాడా. భార్య సరోజ కళ్ళు తుడుచుకుంటోంది. వాళ్ళ మధ్య వీల్‌చైర్‌లో ఇరవై ఏళ్ళ భవ్యశ్రీ. గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతుండగా కాలేజీ బస్సు బోల్తా పడింది. రీతూ అందరినీ నాగేంద్రమ్మ గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, తనూ ఒక మూల కుర్చీ వేసుకుంది. తెలుగు రాకపోయినా మొహాలు చదవడం వచ్చు.

"అమ్మా, మిమ్మల్ని చూస్తే దేవుణ్ణి చూసినట్టుందండీ" అన్నాడు కేశవరావు. "ఎన్ని ఇంజెక్షన్లకి కదలిక వచ్చిందండీ?"

"ముందు టీ తాగండి బాబూ, సల్లారిపోతాది" అంది నాగేంద్రమ్మ.

"మీ తెలుగు శ్రీకాకుళం వైపుదాండీ?" అంది సరోజ. "మా పనమ్మాయి అచ్చం ఇలాగే మాట్లాడేది."

"అయితే మీ పనమ్మాయి మా సుట్టమే అయ్యుంటాది" అంది నాగేంద్రమ్మ. "మా తాత పడవెక్కి ఎల్లింది కళింగపట్నం కాణ్ణించే. నాకొచ్చిన తెలుగు ఆడిదే."

సరోజ గతుక్కుమంది. భవ్యశ్రీ కిసుక్కున నవ్వి, వెంటనే మొహం మామూలుగా పెట్టేసింది.

కేశవరావు ఫైలు విప్పాడు. రిపోర్టులు, ఫొటోలు, ఉత్తరాలు, అన్నీ తేదీల వారీగా కుట్టి ఉన్నాయి. ఆయన చదువుకుంటూ పోతున్నాడు. నాగేంద్రమ్మ పిల్ల వైపు చూసింది. పిల్ల ఆమె పాదాల వైపు చూస్తోంది.

"ఆంటీ, సచ్ బతాయియే, నిజం చెప్పండి" అంది భవ్యశ్రీ. "బాత్రూమ్‌కి మీరే వెళ్తారా? అలోన్?"

"భవ్యా! అదేం ప్రశ్న?" అన్నాడు తండ్రి.

నాగేంద్రమ్మ రీతూ వైపు చూసింది. రీతూ తలూపి ప్రోత్సహించింది. ఎదురుగా శనివారం ఉంది. ఇంకో రెండు పొద్దులు నోరు మూసుకుంటే, తుడిచిన గది, వాన చప్పుడు. ఊరికే తలూపితే చాలు. వీళ్ళెవరు తనకి? రేపు ఎదురుపడితే పలకరించే మనుషులు కూడా కాదు. ఆ తెల్లవాడికి మాత్రం తనెవరు? వాడూ ఇలాగే ఎవరి సంతకం కోసమో నవ్వి ఉంటాడు.

"మా ఇంట్లో నానే ఎల్తాను" అంది. "పదేళ్ళ బట్టీ. ఈ ఇంజీసన్లు రాకముందు నుంచీ. ఇక్కడే ఎల్లలేను."

"అర్థం కాలేదండీ" అన్నాడు కేశవరావు.

"సరోజమ్మా, ఇటు రా. ఈ చీరంచు ఎత్తు. ఆ పట్టీలు ఇప్పు. భయపడకు, ఇనుమే గదా."

సరోజ ఒకటొకటే విప్పింది. నాగేంద్రమ్మ కాళ్ళు మంచం అంచునుంచి తడిగుడ్డల్లా జారాయి.

"మొదటిరోజు ఇలాగున్నప్పుడు తీసేరు ఒక వీడియో. ఇయి కట్టినాక తీసేరు ఇయ్యాల ఇంకోటి. మధ్యలో ఎనిమిది వారాలు. ఏలు కూడా కదల్లేదు, సూడండి."

రీతూ లేచి నిలబడింది. భాష అక్కర్లేకుండానే అర్థమైంది. "ఆంటీజీ, యే క్యా కర్ రహీ హైఁ ఆప్?" అంది, ఏమిటి మీరు చేస్తున్నదని. ఎనిమిది వారాల్లో మొదటిసారి ఆ పిల్ల నవ్వడం మానేసింది. చూడగా మొహం బాగానే ఉంది.

కేశవరావుకి కోపం రీతూ మీద రాలేదు. "చూడండమ్మా, మీది పాత కేసు" అన్నాడు ఫైలు మూస్తూ. "పదేళ్ళ పైమాట. పైగా వయసు. మా అమ్మాయిది పద్నాలుగు నెలలే. అందరికీ ఒకేలా పనిచెయ్యాలని లేదు కదా. మీరు కాస్త పాజిటివ్‌గా మాట్లాడొచ్చు."

"పద్నాలుగు నెలలుగా ఈ పిల్ల ఏ అంతస్తులో ఉంటన్నాది?"

"రెండో ఫ్లోరండీ. గవర్నమెంటు క్వార్టరు."

"మరి కిందకి?"

"ఇవాళ నలుగురు అంకుల్స్ మోశారు" అంది భవ్యశ్రీ. "చౌథీ బార్. పద్నాలుగు నెలల్లో నాలుగోసారి."

"కింద ఇల్లు ఇమ్మని అడగలేదేటి మీ గవర్నమెంటుని?"

కేశవరావు టీ కప్పు సరిచేసుకున్నాడు. సరోజే చెప్పింది: "మెడికల్ గ్రౌండ్స్ మీద ఇస్తారండీ. కానీ అర్జీకి సర్టిఫికెట్ జతచెయ్యాలి. పర్మనెంట్ డిసేబిలిటీ అని రాయాలి అందులో. ఆ మాట రికార్డులోకి ఎక్కిందంటే ఇంక... ఆయనకి మనసొప్పలేదు. ఎలాగూ నయమైపోతుంది కదా అని."

నాగేంద్రమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఇరవై ఏళ్ళు ఫైళ్ళు రాసిన మనిషి. కాగితం మీద ఒక మాట రాయకుండా ఉంటే ఆ మాట అబద్ధమైపోతుందని నమ్మిన మనిషి. కూతుర్ని పద్నాలుగు నెలలు మేడ మీద దాచి, ఇప్పుడు లేబులు లేని సీసా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆ సీసాకి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అడగడు.

"మీకంటే ఈళ్ళే నయం బాబూ" అంది. "ఈళ్ళు వీడియో అన్నా తీత్తారు."

కేశవరావు లేచి వెళ్ళిపోయాడు. సరోజ ఆయన వెనకే కుర్చీ తోసుకుంటూ పోయింది. గుమ్మం దగ్గర భవ్యశ్రీ చక్రం పట్టుకుని ఆపి, "ఆంటీ, మీ మొబైల్ నంబర్" అని అడిగి తన ఫోన్‌లో ఎక్కించుకుంది.

ఆ సాయంత్రం మేడమ్ రాలేదు. కాన్ఫరెన్స్‌కి బ్యాంకాక్ వెళ్ళారనీ, బుధవారం వస్తారనీ రీతూ చెప్పింది. అప్పటిదాకా ఫారం టేబుల్ మీదే ఉంటుందట. కాంతమ్మ ఫోను చేస్తే నాగేంద్రమ్మ ఎత్తలేదు. నిజం చెప్పి ఏం బావుకున్నట్టు? వినేవాడికి చెవులు లేవు, చెప్పినదానికి ఇంటికెళ్ళే దారి లేదు. గోడ మీది బంగారు అక్షరాలని చూస్తూ శుక్రవారమంతా పడుకుంది. ఆయా కూడా పిలిచిన అరగంటకి గాని రాలేదు.

శుక్రవారం సాయంత్రం ఫోను మోగింది. భవ్యశ్రీ.

"ఆంటీ, మీ ఫ్లైట్ ఫారం మీద ఇంక సైన్ అవ్వదని రీతూ బయట ఎవరికో చెప్తుంటే నిన్న విన్నాను. మా బ్లాక్‌లో సీతారామయ్య అంకుల్ ఉన్నారు, గవర్నమెంట్ డిస్పెన్సరీలో డాక్టర్. పాపా ఆయన్ని తీసుకుని రేపు పొద్దున వస్తున్నారు. ఆయన చూసి సైన్ చేస్తారు. ఎయిర్‌లైన్‌కి ఏ డాక్టరైనా చాలట, నేను అడిగాను. ఖాళీ ఫారం కూడా ప్రింట్ తీశాను."

"మీ నాన్న ఒప్పుకున్నాడేటి?"

"సైన్ చేయిస్తే ఆ క్లినిక్‌లో అడ్మిషన్ గురించి సోచ్తీ హూఁ అన్నాను."

"అయితే చేరతావేటి?"

"ఆలోచిస్తా అన్నాను ఆంటీ. ఆలోచించాను కూడా. ఛే, ఎవరు చేరతారు!" అని ఫోను పెట్టేసింది.

అన్నట్టే వచ్చారు. పెద్దాయన సీతారామయ్య బీపీ చూసి, రెండు ప్రశ్నలడిగి, సంతకం పెట్టి స్టాంపు గుద్దాడు. మొత్తం పది నిమిషాల పని. రీతూ కౌంటర్ వెనకనుంచి చూస్తూ ఊరుకుంది. సర్కారీ స్టాంపు చూస్తే వాళ్ళకి భయం కాబోలు.

కేశవరావే కారులో విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. అక్కడ కూలీని పిలవకుండా కుర్చీ తనే తోశాడు. కౌంటర్ దగ్గర అమ్మాయి ఫారం తిప్పి చూసి, పక్కనున్నవాడికి చూపించి, చివరికి బోర్డింగ్ కార్డు చేతికిచ్చింది. నాగేంద్రమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. లోపలికి తీసుకెళ్ళే ఉద్యోగి వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

కేశవరావు వంగాడు. "ఒక్క మాట అండీ. ఆ ఎనిమిది వారాల్లో, ఒక్కనాడైనా, కాస్తంత స్పర్శ లాంటిది..."

"లేదు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "నాకు తెలుసండీ" అన్నాడు. "భవ్య సంగతి. ఇంక నడవదని ఎయిమ్స్‌లో మొదటి వారమే చెప్పారు. సరోజకి చెప్పలేదు. పద్నాలుగు నెలల్నించీ తెలుసు."

నాగేంద్రమ్మ తల తిప్పి చూసింది. జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగింది. కలగలేదు.

"తెలిసీ ఏటి సేత్తన్నారు మరి?"

కేశవరావు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ ఉండగానే కుర్చీ కదిలింది. ఆమె ఆపమనలేదు.