దేవుడికిచ్చిన మొదటి సీడీ

పెద్దగట్టు జాతర మొదలైన రోజే శివకుమార్ పాట పాతబడిపోయింది. గట్టుకొచ్చే ప్రతి ఆటోలో అదే పాట, పొట్టేలును లాక్కుపోయే ప్రతివాడి జేబులో అదే పాట. సంతోషించాల్సిన మాటే! కానీ అమ్మకానికి తెచ్చిన సీడీలు మాత్రం కట్ట విప్పింది విప్పినట్టే ఉన్నాయి. దుకాణం ముందు ఆగినవాళ్లంతా సెల్లు చూపించి, "మా దాంట్ల ఉన్నది తమ్మీ, కోదాడల ఎక్కించుకున్నం" అని నవ్వుకుంటూ పోతున్నారు.

ఈ జాతర రెండేళ్లకోసారి. అమ్మితే ఈ నాలుగు రోజుల్లోనే అమ్మాలి. వెనక ఏ కంపెనీ లేదు. తనే రాసి, తనే పాడి, తండ్రి మంగయ్య గొర్రెలు అమ్మిన డబ్బుతో సూర్యాపేటలో రికార్డు చేయించాడు. ఇవి అమ్ముడుపోకపోతే పాటలు మానేసి మిర్యాలగూడ రైసు మిల్లులో గుమాస్తాగా చేరతానని భార్య గోపికకు మాటిచ్చాడు. పాట మానేయమంటే అతన్ని ఊపిరి మానేయమన్నట్టే.

"నా పాట బయట పెట్టినోని చేతులు ఇరగ్గొడత!" అని దోస్తు నరేష్‌కు దుకాణం అప్పజెప్పి కోదాడ బస్సెక్కాడు. కుదురుగా కూర్చుంటేగా! కూర్చుంటాడు, లేస్తాడు, తలుపు దగ్గరికి పోతాడు, మళ్లీ వస్తాడు. కండక్టరు చీవాట్లు పెట్టాడు కూడా.

కోదాడ సెల్లు దుకాణంవాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. "రండన్నా, కొత్త జాతర పాటొచ్చింది. కార్డులో ఎక్కించమంటారా?"

శివకుమార్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. కాలరు పట్టుకున్నాడు. "అది పాడింది నేనేరా!"

"నాకేం తెలుసన్నా! నెట్‌లో ఉంటే దించుకున్నాను. ఇదిగో, పెట్టినాయన పేరు చూడండి."

చూశాడు. సైదయ్య సౌండ్స్, సూర్యాపేట. శివకుమార్ పేరు మచ్చుకైనా లేదు. డబ్బు పోయిందన్న బాధకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

మళ్లీ బస్సు, మళ్లీ గట్టు. జాతరకు మైకు సెట్టు పెట్టింది సైదయ్యే. అక్కడే ఉన్నాడు, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో పిలుస్తూ. శివకుమార్ పోయి మైకు వైరు పీకేశాడు.

"నా పాట నీకెట్ల వచ్చింది?"

"జర ఆగు శివా! నేనేమన్న దొంగిలించిన్నా? మీ నాయిననే తెచ్చిచ్చిండు, మైకుల ఎయ్యమని. మంచిగుందని నెట్ల గూడ పెట్టిన. తప్పా?"

శివకుమార్ పీకిన వైరు మళ్లీ తగిలించి గట్టు దిగాడు.

గట్టు కింద మంగయ్య పొట్టేలు నుదుట పసుపు రాస్తున్నాడు. కొడుకును చూసి మొహమంతా నవ్వైంది.

"నాయినా, సైదయ్యకు సీడీ ఇచ్చినవా?"

"ఇయ్యకుంటెట్ల? మందల మొదటి పిల్ల దేవునిదే గద. మొదటి పాట మాత్రం ఇంకెవనిది? దేవుడు ఎంత జల్ది మెచ్చిండో సూడు కొడుకా! మోతె నుంచొచ్చినోళ్లు గూడ నీ పాటే పెట్టుకుంటున్నరు. నా కొడుకే పాడిండని అందరికీ చెప్పిన."

నన్ను ముంచావు నాయినా అని అరవాలనిపించింది. పొద్దుటి నుంచి ఎవరి మీద పళ్లు నూరుతున్నాడో ఆ మనిషి వేళ్లకు పసుపుతో ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆ ముఖం చూస్తూ ఎలా అరుస్తాడు?

"సీడీలన్ని అమ్ముడుపోయినయా?" అడిగాడు మంగయ్య.

"పోయినయి నాయినా. ఒక్కటి మిగల్లే."

మంగయ్య గట్టు వైపు తిరిగి దండం పెట్టాడు. "అయితే ఇంకోటి షురూ జెయ్ బిడ్డా. గొర్లకేంది, ఇంకో నాలుగు అమ్ముదాం. దాని మొదటి సీడీ గూడ నేనే తెస్తనని సైదయ్యకు ఇప్పుడే చెప్పి పెడత."

"సరే నాయినా," అన్నాడు శివకుమార్.

సోమవారం నుంచి మిల్లుకు పోవాలన్న మాట మాత్రం చెప్పలేదు.