అరగని మడమ

శనివారం సాయంత్రం భార్య చెప్పులు తిరగేసి చూడడం మేస్త్రికి మూడేళ్లుగా అలవాటు. ఆమె కాళ్లు కడుక్కోవడానికి వెళ్లగానే గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. చెప్పులు ఒళ్లో పెట్టుకుని, గాడుల్లో ఇరుక్కున్న కంకర పలుకుల్ని తోలుకు చిల్లులు పొడిచే ఆరె మొనతో ఒక్కొక్కటే పీకేవాడు. అవి పాత డబ్బా మూతలో టిక్కుటిక్కుమని పడుతుంటే ఆమె లోపలి నుంచి "ఇవాళ ఎన్ని?" అని అడిగేది. ఒకరోజు పదకొండు, ఒకరోజు పధ్నాలుగు, ఒకసారి ఏకంగా ఇరవై రెండు. వాళ్లిద్దరికీ ఖర్చు లేని వినోదం అదొక్కటే.

ఆ శనివారం తొమ్మిది వచ్చాయి. కానీ ఆరె ఆనించీ ఆనించకముందే రాలిపోయాయి. మనిషి బరువుకు కూరుకుపోయిన రాయి అలా రాలదు. దాన్ని పీకడానికి ముప్పై ఏళ్లు పని చేసిన మేస్త్రి వేళ్లకు కూడా కాస్త బలం కావాలి. అతను చెప్పును వెలుతురుకేసి తిప్పి మడమ చూశాడు. వానలు మొదలైనప్పుడు పాత టైరు కోసి వేసిన ముక్క అది. పది వారాల్లో బయటి అంచు అరిగి ఏటవాలు కావాలి. పన్నెండు వారాలైనా నిన్న వేసినట్టు నిటారుగా ఉంది.

"ఇవాళ ఎన్ని?" అంది భార్య లోపలి నుంచి.

"తొమ్మిది," అన్నాడు మేస్త్రి.

అతను షూ రిపేరు షాపులో పనివాడు. నాలుగేళ్ల కిందట అతనికే సొంత షాపు ఉండేది. మూల మీద అద్దాల తలుపుల గది తీసుకుని, కరెంటు కుట్టుమిషన్ కొని, మనిషి కంటే పెద్ద బోర్డు పెట్టించాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టయింది వ్యవహారం. పధ్నాలుగు నెలలకు షాపు మూతపడి, కలప డిపో పెద్దాయన దగ్గర తెచ్చిన అప్పు మాత్రం మిగిలింది. కూలికి కుదిరినా జనం అతన్ని మేస్త్రి అనే పిలిచేవారు. ఆ పిలుపుకైతే అద్దె కట్టక్కర్లేదు.

అప్పటి నుంచి వారం వారం వాయిదా. ఇద్దరి జీతమూ భార్య చేతిలోనే పడుతుంది. ఆమె పక్క వీధిలోని ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. శనివారం ఒంటిపూట పని కాబట్టి అటు నుంచి అటే ఊరి చివర డిపో దాకా నడిచి, డబ్బు కట్టి వస్తుంది. డిపో దగ్గర రోడ్డంతా కంకర. మేస్త్రిని మాత్రం ఆమె అటు వెళ్లనివ్వదు. మొదట్లో ఒకసారి వాయిదా కట్టి వస్తానని వెళ్లి, పెద్దాయన తియ్యటి మాటల్లో పడి, ఇంకాస్త అప్పు చేసుకుని వచ్చాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆమె ఆరోజే డిపో దారి మూసేసింది.

ఈ మూడేళ్లూ ఒక గదిలో దీపం వెలిగితే రెండో గది చీకటి. సబ్బు కొనగానే దారంతో రెండుగా కోసి, ఒక ముక్క దాచేవారు. టీ పొడి రెండోసారి కూడా మరిగేది. పేస్టు గొట్టం అయిపోతే కత్తెరతో చీల్చి లోపల గీరేవారు. షాపులో తోటివాళ్లు టీకి పిలిస్తే మేస్త్రి పొట్ట నిమురుకుని పడదనేవాడు. ఎన్నాళ్లకూ బాగుపడని ఆ పొట్టను చూసి జాలిపడి యజమాని ఒకసారి డాక్టరు చిరునామా కూడా రాసిచ్చాడు. మొదట్లో వీటన్నిటికీ సిగ్గుగా ఉండేది. పోనుపోను ఆ సిగ్గు కిందే ఒక గర్వం కూడా మొలిచింది. ఎదురింట్లో మూడు గదుల్లోనూ దీపాలు చూసినప్పుడు, వీళ్లకు మనలా బతకమంటే వారం కూడా బతకలేరు అనుకునేవాడు. ఆ మాట భార్యతో అంటే ఆమె నవ్వేది. ఒకే ముంత నీళ్లు ఇద్దరూ పంచుకు తాగినట్టు ఉండేది వాళ్లకు.

ఇప్పుడు ఆ ముంతకు ఎక్కడో చిల్లు పడినట్టనిపించింది.

బస్సెక్కుతోందేమో, అనుకున్నాడు రాత్రి పడుకుని. ఆ ఆలోచనకే ఒళ్లు మండింది. తను వానలో తడుస్తూ షాపుకు నడిచిపోతుంటే, ఈవిడ టికెట్ కొని కిటికీ పక్కన కూర్చుంటుందా? కాసేపటికి, బస్సెక్కితే కాలికి రాళ్లెందుకు తగులుతాయి, తగలని రాళ్లు చెప్పుల్లోకి ఎవరు పెట్టారు అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు, బస్సే అయితే బాగుండును అనిపించింది.

మర్నాడు గుర్తు చేసుకుంటే అన్నీ అనుమానాలే. ఈ మధ్య శనివారం వచ్చాక ఆమె కాళ్లు పట్టుకుని కూర్చోవడం లేదు. పెద్దాయన ఏమన్నాడని అడిగితే "ఏమంటాడు, ఎప్పుడూ అనేదే" అంటుంది. ఆ ఎప్పుడూ అనేదేదో ఇదివరకు విడమరిచి, ఆయన ముక్కుతో మాట్లాడే తీరు కూడా అనుకరించి చెప్పేది. లాండ్రీలో కొత్తగా చేరిన సూపర్‌వైజరు మంచివాడని ఒకసారి అంది. ఒక్కసారే. మళ్లీ ఎత్తలేదు. మేస్త్రికి ఆ ఎత్తకపోవడం మీదే మనసు పోయింది.

శుక్రవారం సాయంత్రం పట్టీ కుడతానని చెప్పులు తీసుకుని, మడమ కింద పలచటి మెత్త తోలు ముక్క ఒకటి జిగురుతో అంటించాడు. పని నేర్చుకునే రోజుల్లో అతని గురువు నడక తెలుసుకోవడానికి చేసే పని అది. రెండు కిలోమీటర్లకు అంచు లేస్తుంది, అయిదుకు చిరిగి ఊడుతుంది. శనివారం సాయంత్రం చూస్తే తోలు ముక్క అంచు కూడా లేవలేదు. గాడుల్లో మాత్రం పది రాళ్లున్నాయి. అవీ డిపో దారిలో ఉండే నల్ల కంకర కాదు, తెల్లవి.

"ఇవాళ ఎన్ని?" అంది ఆమె.

"పది." గొంతు మామూలుగానే వచ్చినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

సోమవారం మధ్యాహ్నం యజమానితో పొట్టనొప్పని చెప్పి డిపోకు నడిచాడు. పెద్దాయన దుంగల మధ్య కుర్చీలో కూర్చుని పొట్టు దులుపుకుంటున్నాడు. మేస్త్రిని చూడగానే లేచి, కుర్చీ వేయించి, పోయిన చుట్టం తిరిగొచ్చినట్టు మాట్లాడాడు. వాయిదాలు సరిగ్గా అందుతున్నాయా అని మేస్త్రి నసుగుతూ అడిగాడు.

పెద్దాయన ముక్కుతో నవ్వాడు. "ఇంకా వాయిదాలేమిటి మేస్త్రీ? నీ అప్పు తీరి పధ్నాలుగు వారాలైంది. చివర్లో మూడు వాయిదాలు కలిపి ఒకేసారి కట్టి, ప్రామిసరీ నోటు చింపించి, ముక్కలు కూడా పట్టుకుపోయింది మీ ఆవిడ. నీకు చెప్పలేదూ?"

మేస్త్రి ఏమన్నాడో అతనికే గుర్తు లేదు. పధ్నాలుగు వారాలు. తీరిపోయిన అప్పు కోసం తను పధ్నాలుగు వారాలు రెండోసారి మరిగిన టీ తాగాడు. మరి ఆ డబ్బంతా ఎక్కడికి పోతోంది? ఎవరికి పోతోంది?

పెద్దాయన ఈలోగా మాట మార్చాడు. మూల మీద ఆ అద్దాల గది మళ్లీ ఖాళీ అయిందట. ఇంత నిజాయితీగా తీర్చిన మనిషికి మళ్లీ అప్పివ్వడానికి తనకేం భయం లేదట. ఖాళీ నోటు కాగితం ఒకటి తీసి, మడిచి, మేస్త్రి చొక్కా జేబులో తనే పెట్టాడు. "ఇప్పుడే రాయమనడం లేదు. ఆలోచించుకో. కాగితమేగా, బరువా?"

బరువు లేదు. అదే తమాషా. వెళ్లేటప్పుడు ఈడ్చుకుంటూ వెళ్లిన కాళ్లు వచ్చేటప్పుడు గాల్లో పడుతున్నాయి. భార్య మీద కోపం ఒక పక్క ఉడుకుతూనే ఉంది, ఇంకో పక్క అద్దాల గదిలో మిషన్ ఏ గోడకు వేయాలా అని లెక్క నడుస్తోంది. ఈసారి బోర్డు చిన్నది చాలు అనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య ఉడికిన గుడ్డును దారంతో రెండుగా కోస్తోంది. అతను ఎదురుగా కూర్చున్నాడు. ఎలా మొదలెట్టాలో దారంతా కూడబలుక్కున్నాడు.

"శనివారం ఎక్కడికెళ్తున్నావు?"

ఆమె తలెత్తలేదు. "జేబులో ఏముంది?"

"అడిగినదానికి ముందు చెప్పు."

"ఈల వేసుకుంటూ మెట్లెక్కావు. నీ ఈల విని ఎన్నేళ్లయిందో తెలుసా? చివరిసారి షాపు తాళాలు తెచ్చిన రోజు విన్నాను. జేబులో ఏముందయ్యా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మేస్త్రి చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. తను ఈల వేసిన సంగతి అతనికి తెలియనే తెలియదు.

"అప్పు తీరి పధ్నాలుగు వారాలైందంట," అన్నాడు.

"అయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకెప్పుడు తెలిసింది ఈ సంగతి?"

"ఇవాళే. మధ్యాహ్నం."

"మధ్యాహ్నం తెలిసింది, సాయంత్రానికి కాగితం తెచ్చావు," అంది ఆమె. గుడ్డు రెండు సగాలూ రెండు కంచాల్లో వేసింది. "పధ్నాలుగు వారాల కిందటే చెప్పుంటే ఈపాటికి పదమూడు వాయిదాలు కట్టేవాళ్లం."

రాయలేదుగా, ఖాళీ కాగితమేగా అన్నాడతను. మరి దార్లో పారేయలేదేం అందామె. జవాబు లేనివాడు చేసే పనే అతనూ చేశాడు, గొంతు పెంచాడు. కట్టుకున్నవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తావా, రాళ్లేరి చెప్పుల్లో గుచ్చుకుని రావడానికి చేతులెలా వచ్చాయి అన్నాడు.

"ఆసుపత్రి గేటు దగ్గర కుప్ప పోశారు. అందులోవి."

"మళ్లీ ఎన్ని అని అడిగేదానివి కూడా!"

"నేను పెట్టినవన్నీ నీకు దొరికాయో లేదోనని." ఆమె మొహంలో నవ్వు లాంటిది వచ్చి పోయింది. "నువ్వు మాత్రం? నా చెప్పు కింద తోలు ముక్క అంటించలేదూ? మడమ ఎత్తయితే నాకు తెలియదనుకున్నావా?"

మేస్త్రి తెల్లబోయాడు. "తెలిసీ అలాగే వచ్చావా? ఎక్కడైనా నేలకేసి కాస్త రుద్దేసి రావచ్చుగా."

"అడుగుతావేమోనని చూశాను. నన్ను అడగలేదు. పోయి ఆయన్ని అడిగావు."

కాసేపు ఇద్దరూ తిన్నారు. అతనికి సూపర్‌వైజరు సంగతి నోటిదాకా వచ్చింది. అడిగితే ఆమె ఎలా చూస్తుందో తెలిసి మింగేశాడు. డబ్బెక్కడుందని మాత్రం అడిగాడు. ఉంది, అంది. పోనీ శనివారాలు ఎక్కడికెళ్తున్నావో అదైనా చెప్పమన్నాడు.

"అది చెబితే ఇదీ చెప్పినట్టే," అందామె కంచాలు తీస్తూ.

నోటు కాగితం ఆ వారమంతా అలమర మీద పడి ఉంది. ఆమె చింపలేదు, చింపమనలేదు. దుమ్ము దులిపేటప్పుడు ఎత్తి, మళ్లీ అక్కడే పెట్టేది. మేస్త్రి షాపుకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి దాన్ని చూసేవాడు. బుధవారం మూల మీది అద్దాల గది మీదుగా ఇంటికొచ్చాడు. అది దారి కాదు, చుట్టు తిరుగుడు. తలుపుకు తాళం, పైన తన పాత బోర్డు మేకుల గుర్తులు గోడ మీద అలాగే ఉన్నాయి. గురువారం కూడా అటే వచ్చాడు. తలుపు దగ్గర చాలాసేపు నిలబడి, వచ్చేటప్పుడు తన నోటి వైపు తనే చెవి పెట్టి విన్నాడు. ఈల మొదలవుతోంది.

శుక్రవారం దీపం కింద పీట వేసుకుని కాగితం తీశాడు. మంచి దళసరి కాగితం. భార్య చెప్పు దాని మీద బోర్లించి, పెన్సిలుతో చుట్టూ గీసి, కత్తితో కోశాడు. సంతకం చేసే చోటు సరిగ్గా మడమ కిందికి వచ్చింది. దాన్ని చెప్పు లోపల పరిచి, పైన మెత్త తోలు వేసి కుట్టేశాడు. రెండో చెప్పుకు అట్ట ముక్క వేశాడు. భార్య గది గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. రెండో గదిలో దీపం ఆర్పి వచ్చి పక్కన కూర్చుంది.

శనివారం పొద్దున్నే ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టి అటూ ఇటూ రెండడుగులు వేసింది.

"బాగున్నాయి. రెండో దాన్లోనూ ఆ కాగితమేనా?"

"అట్ట. ఆయనిచ్చింది ఒక్కటేగా."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

ఆమె సరేనన్నట్టు తలూపింది. తర్వాత చెప్పులు విప్పి, గుమ్మం వెలుతురులో తిరగేసి, రెండు మడమల కిందా బొటనవేలితో ఓసారి తడిమి చూసుకుని మళ్లీ తొడుక్కుంది.

"ఏమీ అంటించలేదే," అన్నాడు మేస్త్రి.

"చూశాను," అందామె.

ఆమె మెట్లు దిగాక అతను కిటికీ దగ్గరికి వెళ్లాడు, ఎటు తిరుగుతుందో చూద్దామని. వీధి మలుపు దాకా వెళ్లి ఆమె ఆగింది. వెనక్కి తిరిగి, తల కాస్త పైకెత్తి, అతను కిటికీ దగ్గర నుంచి పక్కకు తప్పుకునేదాకా అక్కడే నిలబడింది.