మూడుసార్లు వద్దనాలి

అసలు ఆ బియాన్ ముసలాడికి నోరెలా వచ్చిందో, ఏడవకుండా చెప్పించు పెయ్ అమ్మా, నీ పాలు తాగిన పిల్లాడు నీ మాట కాక ఎవరి మాట వింటాడు, ఒక్క చుక్క కన్నీరు రాకుండా చెప్పిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను అని, అదేదో ఎక్కాలు అప్పజెప్పించే పనైనట్టు, ఎండు రేగుపళ్ళు నములుతూ, గింజలు అరచేతిలోకి ఉమ్ముకుంటూ, థూ, ఆ మొహం గుర్తొస్తేనే దాది పెయ్‌కి ఒళ్ళు మండిపోతోంది, మట్టి వేదిక మీద ఎనిమిదేళ్ళ చక్రవర్తికి రెండడుగుల వెనక తల వంచుకుని నిలబడి, నదిమీంచి వచ్చే చలిగాలికి చెవులు కొయ్యబారిపోతున్నా సరే మండిపోతోంది, ఈ బియాన్ రాజ్యంలో క్రతువులన్నిటికీ పెద్ద, ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరు ఎన్నిసార్లు మోకరిల్లాలో చెప్పే మంత్రి, వేదిక కింద మూడు వందల మంది కొలువువాళ్ళని పట్టుబట్టల్లో వరసలుగా నిలబెట్టినవాడు, ఆ వరసల వెనక తాళ్ళు కట్టించి ఊరి జనాన్ని నిలబెట్టినవాడూ వాడే, ఇంత చూసుకున్నవాడు పిల్లాడి చేతుల్లో మూత తెరిచిన ఆ రాజముద్ర పెట్టె ఎంత బరువుంటుందో చూసుకోలేదు, చూడు ఎలా వణుకుతున్నాయో, అన్వాన్ చేతులు, మోచేతుల దాకా వణుకుతున్నాయి, పట్టుకోరా నాన్నా, ఇంకాసేపు, అంతే.

చెప్పించాల్సింది ఏమిటట, ఆకాశం మా ఝాన్ వంశం మీంచి చూపు తిప్పుకుంది, నేను చిన్నవాణ్ణి, సేనాపతి మెంగ్ గుణవంతుడు, ఎవరి బలవంతమూ లేకుండా నా అంతట నేనే ఈ రాజ్యం ఆయన చేతుల్లో పెడుతున్నాను, ఇదీ, నాలుగే ముక్కలు, ఎవరి బలవంతమూ లేదట, కోట నాలుగు వాకిళ్ళలోనూ మెంగ్ గుర్రాలు, వంటింటి గుమ్మంలో మెంగ్ మనిషి, పిల్లాడు ఒంటేలుకి లేస్తే వెనకాలే మెంగ్ మనిషి, బలవంతం మాత్రం లేదట, సిగ్గుండక్కర్లా, పదకొండు రోజులు కొర్రజావ గిన్నె ముందు పెట్టుకుని, ఒక ముక్క చెప్తే ఒక చెంచా నోట్లో పెట్టి, ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయేమో గుణవంతుడు అన్నచోట గాలి పోయేది, మళ్ళీ చెప్పించేది, అమ్మా గుణవంతుడంటే ఏమిటి అన్నాడు ఒకరోజు, మంచివాడు నాన్నా అంది, ఆ మాట అన్నప్పుడు తన నోరు పడిపోయినా బాగుండేది, మంచివాడట, వీడి బాబాయిల్ని ఇద్దర్ని ఒకే వారంలో నరికించినవాడు, కానీ ఏం చెయ్యాలి, ఏడవకుండా చెప్పాడంటే దక్షిణాన చిన్న ఊరిస్తారు, ప్రభువన్న బిరుదిస్తారు, నువ్వూ వెంట వెళ్ళొచ్చు, చేపలు పట్టుకుంటూ పెరుగుతాడు, పూచీ నాది అన్నాడు బియాన్, ఏడిచాడో, జనం అయ్యో పాపం అంటారు, జనం అయ్యో పాపం అన్నాక మెంగ్ ఊరుకోడు, అప్పుడు నన్నడక్కు అన్నాడు, దాంతో గిన్నే చెంచా పట్టుకుంది, వీడు పుట్టిననాటికి నెలా పదిరోజుల పసిగుడ్డు తన కూతురు, రాజభవనం వాళ్ళొచ్చి పాలు చూసి, బాగున్నాయని తనని ఎత్తుకొచ్చి వీడి తొట్టి పక్కన కూర్చోబెట్టారు, అక్కడ ఇంట్లో పిల్ల బియ్యపు గంజి పడక రెండు నెలలు కూడా బతకలేదు, ఆ పాలన్నీ వీడి ఎముకల్లోనే ఉన్నాయి, ఇద్దరి ఆయువూ వీడొక్కడే బతుకుతున్నాడని ఎనిమిదేళ్ళుగా అనుకుంటూ వచ్చింది, వీడి కన్నతల్లి పురిట్లోనే పోయింది, వీడు బతకాలి, అంతే, ఇంకేమీ వద్దు, రాజ్యం ఎవడు పట్టుకుపోతే ఎవడికి కావాలి, పీడా పోతుంది.

ఆ రాజ్యం మాత్రం వీళ్ళకి ఎవరిచ్చారట, వీడి తాత యాంగ్జీ ఒడ్డున వలలు అల్లుకునేవాడు, వేళ్ళన్నీ తాడు కోతలు, ఉత్తరాది గుర్రాలవాళ్ళు అవతలి ఒడ్డుకొచ్చినప్పుడు జాలరుల్ని పోగేసి, పడవలు ఒకదానికొకటి కట్టించి, ఒక్క గుర్రాన్ని కూడా నీళ్ళు దాటనివ్వలేదు, మగాడే, కాదనడానికి లేదు, అప్పుడున్న లూ వంశం వాళ్ళు సంబరపడి దళపతిని చేశారు, తర్వాత సేనాపతిని చేశారు, లూ చక్రవర్తి చచ్చిపోయి పదకొండేళ్ళ కొడుకు గద్దె ఎక్కితే పిల్లాణ్ణి కాపాడతానని కోటలోకొచ్చాడు, ఎంత కాపాడాడంటే ఆఖరికి ఇదే మైదానంలో, ఇలాంటిదే మట్టి వేదిక మీద, ఆ పిల్లాడి చేతుల్లోంచి ఈ పెట్టే తీసుకున్నాడు, పెయ్‌కి అప్పుడు తొమ్మిదేళ్ళు, నాన్న భుజాల మీదెక్కి చూసింది, తామరదుంపలు అమ్ముకునే నాన్న, తలకి రెండేసి వేడి రొట్టెలు పంచారు కదా, పదివేల ఏళ్ళు వర్ధిల్లాలి అని గొంతు చించుకుని అరిచాడు, తనూ అరిచింది, నోట్లో రొట్టె పెట్టుకునే అరిచింది, ఆ పిల్లాడు ఒక్క చుక్క కన్నీరు పెట్టకుండా గడగడా చెప్పేశాడు, ఎంత బుద్ధిమంతుడమ్మా అన్నారు ఆడవాళ్ళు, ఎడ్లబండి ఎక్కించి పంపేశారు, ఊచలు పట్టుకుని వెనక్కి చూస్తూ వెళ్ళాడు, పెయ్ చెయ్యూపితే వాడూ ఊపాడు, నాలుగు నెలలు తిరక్కుండా కబురొచ్చింది, పచ్చి దోసకాయ తిని కడుపునొప్పొచ్చి పోయాడట, అయ్యయ్యో పిల్లలకి దోసకాయ మంచిది కాదు అంది ఊరు ఊరంతా, మంచు పడే నెలలో దోసకాయ ఎక్కడిదని ఒక్కళ్ళూ అడగలేదు, రాజభవనంలోకొచ్చాక బట్టలుతికే ముసలామె చెవిలో చెప్పింది, దోసకాయా లేదు నీ మొహమూ లేదు, ఒక దుప్పటి, ఇద్దరు బంట్రోతులు, నోటి మీద వేసి కూర్చున్నారు అని, ఆ దుప్పటి పంపించినవాడి మనవడే ఈ అన్వాన్, తన బంగారు కొండ, ఆ తాత పటానికి పండగ పండక్కీ వీడి చేత మొక్కించింది తనే, మీ తాత అంతటివాడు ఇంతటివాడు అని, అప్పుడు లూ పిల్లాడికి ఆ నాలుగు ముక్కలూ రాసిచ్చిందెవరు, నల్లజుట్టు బియాన్, పూచీ ఎవరిది, బియాన్‌ది, ఇప్పుడు అవే ముక్కల్లో పేర్లు చెరిపేసి కొత్త పేర్లు పెట్టాడు, తమరు ఆ పిల్లాడికి కూడా పూచీ పడ్డారు కదా బాబూ అని ఆ రేగుపళ్ళ మొహం మీద అడగాల్సింది, ఎందుకడగలేదు, నాలుక ఏమైపోయింది.

ఇరవై మూడేళ్ళు, అంతే, ఇరవై మూడేళ్ళకే అయిపోయింది ఈ ఝాన్ వంశం, ఒక గంగాళానికి కూడా ఇంతకన్నా ఎక్కువ ఆయుష్షుంటుంది, ముసలాయన పోయిన మర్నాటి నుంచే కొడుకులు ముగ్గురూ గద్దె కోసం కుక్కల్లా కొట్టుకున్నారు, గెలిచినవాడు వీడి నాన్న, గెలిచి ఏం చేశాడు, తాగాడు, వేటకెళ్ళాడు, ఎవరో పొగిడితే గుర్రాలశాలలో పనిచేసే మెంగ్‌కి సైన్యం అప్పగించాడు, వేటలో గుర్రం మీంచి పడి చచ్చాడు, పడ్డాడో పడేశారో ఆ గుర్రానికే తెలియాలి, అప్పుడొచ్చాడు మెంగ్, పిల్లాణ్ణి కాపాడతానని, మళ్ళీ అదే మాట, వీళ్ళకి కొత్త మాట ఒకటి కూడా దొరకదు, నన్ను బాబాయ్ అని పిలువు ప్రభూ అని తియ్యగా, చెరుకు ముక్కలు తెచ్చిపెట్టి, ఛీ, వాళ్ళందర్నీ కలిపి ఒకేసారి చెప్పుతో కొట్టాలనిపిస్తుంది, చచ్చినవాళ్ళనీ, బతికున్నవాళ్ళనీ.

గంట మోగింది, అన్వాన్ గొంతు సవరించుకున్నాడు, తను నేర్పినట్టే, ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాడు, ఆకాశం మా ఝాన్ వంశం మీంచి, తప్పు లేదు, గుణవంతుడు దగ్గర కాస్త గాలి పోయింది కానీ తప్పు లేదు, ఎవరి బలవంతమూ లేకుండా నా అంతట నేనే, చెప్పేశాడు, చివరిదాకా చెప్పేశాడు, కళ్ళు పొడిగా, మెడ నిటారుగా, తాళ్ళ వెనక ఎవరో ఆడమనిషి ఎంత బుద్ధిగా చెప్పాడమ్మా అంది, ఒక్క క్షణం తన గుండె గర్వంతో పొంగింది, వెంటనే ఆ గుండెని తనే పీకి పారేద్దామనిపించింది, మెంగ్ మోకాళ్ళ మీద కూర్చుని నుదురు మట్టికి ఆనించాడు, నాకు ఆ అర్హత లేదు ప్రభూ, ఈ భారం మొయ్యలేను, నాకు వద్దు అన్నాడు, ఎంత బాగా అన్నాడో, గొంతు వణికించి మరీ, వద్దనాలి కదా, మూడుసార్లు ఇవ్వాలి, మూడుసార్లు వద్దనాలి, ఆ తర్వాత ఇంక తప్పదన్నట్టు పుచ్చుకోవాలి, పొరుగింటావిడ గిన్నెడు పులుసు తెచ్చినా ఇంతే, అయ్యో ఎందుకండీ, అబ్బే వద్దండీ, మీకుంచుకోండీ, అప్పుడు తీసుకోవడం, నడకొచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు, ఎవరూ నేర్పరు, ఊపిరి తియ్యడం ఎవరు నేర్పుతారు, పెయ్ కూడా అందుకే నేర్పలేదు, ఆ ఊసే తట్టలేదు, ఇప్పుడు అన్వాన్ వెనక్కి తిరిగి తన మొహంలోకి చూస్తుంటే, ఆ కళ్ళు మెరిసిపోతుంటే, అప్పుడు తెలిసింది, వీడికి తెలియదు, వీడికెలా తెలుస్తుంది, చక్రవర్తి ఇచ్చింది వద్దంటే తల ఎగిరిపోతుంది, సగం కొరికిన రొట్టె ఇచ్చినా నేల మీద పడి మొక్కి కళ్ళకద్దుకుని తీసుకున్నవాళ్ళే పుట్టిన దగ్గర్నుంచీ, తను ఇచ్చింది వద్దు అన్న మాట వీడు ఈ జన్మలో ఇదే మొదటిసారి వినడం.

పెయ్ అమ్మా, బాబాయ్ వద్దంటున్నాడు, ఇంటికి పోదామా అన్నాడు, చిన్నగా కూడా కాదు, అందరికీ వినబడేలా, వేదిక కింద ఎవడో సైనికుడు కిసుక్కుమని నవ్వాపుకున్నాడు, మూడు వందల టోపీల్లో ఒక్కటీ కదల్లేదు, మళ్ళీ మెంగ్ వైపు తిరిగి కాస్త ముందుకు వంగాడు అన్వాన్, మర్యాదగా, పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో తను నేర్పిన మర్యాద అది, నిజంగా వద్దా బాబాయ్, తర్వాత మళ్ళీ కావాలని అడగవు కదా, మెంగ్ నుదురు మట్టికే ఆనించి ఉంది, చెవులు మాత్రం ఉడికించిన పీతల్లా ఎర్రబడ్డాయి, ఏమంటాడు, ఇప్పుడే కావాలంటే లోకం నవ్విపోతుంది, వద్దు ప్రభూ అన్నాడు పళ్ళ సందులోంచి, సరే అయితే అన్నాడు పిల్లాడు, పెట్టె కిందికి దించి మూత టప్పున మూసేశాడు, ఎంత హాయిగా మూశాడో, పదకొండు రోజుల బరువు దిగిపోయినట్టు, వెనక నుంచి బియాన్ బుస, ఏమే, ఏం నేర్పావే, చెప్పు వాడికి, మళ్ళీ ఇమ్మని చెప్పు, అది వట్టి మర్యాద మాటని చెప్పు, చెప్పి చావు, నిన్నటిదాకా పెయ్ అమ్మ, ఇవాళ ఏమే.

చెప్పాలి, వంగి చెవిలో చెప్పాలి, నాన్నా ఆయన వద్దన్నది అబద్ధం, మళ్ళీ ఇవ్వు, ఇంకోసారి వద్దంటాడు, అదీ అబద్ధమే, మళ్ళీ ఇవ్వు అని, చెప్తే ఇస్తాడు, తను చెప్తే ఏదైనా చేస్తాడు, వంగింది కూడా, పిల్లాడి జుట్టు వాసన ముక్కుకి తగిలింది, పొద్దున తనే రాసిన నువ్వుల నూనె, అక్కడ ఆగిపోయింది, ఇన్ని గుర్రాలున్నవాళ్ళు, ఇన్ని కత్తులున్నవాళ్ళు, పెట్టె లాక్కోవడం ఎంతసేపు, ఎప్పుడైనా లాక్కోవచ్చు, ఎందుకు లాక్కోలేదు, బియాన్ వంటి మనిషి ఒక దాది ముందుకొచ్చి ఎందుకు కూర్చున్నాడు, ఎందుకంటే వాళ్ళ దగ్గర లేనిది ఒక్కటే, పిల్లాడు తనంతట తానే ఇచ్చాడు అన్న మాట, అది లేకపోతే మెంగ్ చక్రవర్తి కాడు, గుర్రాలశాల దొంగ, అంతే, ఆ మాట వీడి నోట రప్పించగలిగింది ఈ లోకంలో తనొక్కతే, వీడు బియాన్‌ని నమ్మి ఈ మెట్లెక్కలేదు, మెంగ్‌ని నమ్మి ఎక్కలేదు, అమ్మ ఎక్కమంది కాబట్టి ఎక్కాడు, పదకొండు రోజులుగా వాళ్ళనీ వీళ్ళనీ తిట్టుకుంటూ, చెంచా చెంచాగా, వీడి వంశాన్ని కూల్చే పని చేసింది తను, బతకాలని చేసింది, కానీ లూ పిల్లాడు ఏడవలేదు, గడగడా చెప్పాడు, వాడికీ దుప్పటే, బుద్ధిగా చెప్పినవాడికీ దుప్పటే, ఇవాళ వీడు మూడుసార్లు ఇచ్చినా దుప్పటే, ఇవ్వకపోయినా దుప్పటే, ఎలాగూ చంపుతారు, అది తన చేతుల్లో లేదు, ఎప్పుడూ లేదు, తన చేతుల్లో ఉన్నదల్లా ఆ ఒప్పుకోలు, చంపితే చంపనీ, ఇంత జనం కళ్ళ ముందు వాళ్ళ చేతుల్తో వాళ్ళే లాక్కుని, వాళ్ళ చేతుల్తో వాళ్ళే చంపనీ, నవ్వుతూ ఇచ్చాడన్న మాట మాత్రం తను ఇవ్వదు, ఒక్క చెంచా కూడా ఇంక పెట్టదు, వెనక బియాన్ ఇంకా బుసకొడుతూనే ఉన్నాడు, పెయ్ నడుము నిటారుగా చేసుకుని, పెట్టె తీసి తన చంకలో పెట్టుకుని, రెండో చేత్తో పిల్లాడి చెయ్యి పట్టుకుని, తాళ్ళ అవతల చిట్టచివరి మనిషికి కూడా వినబడేలా, పద నాన్నా, ఆయన వద్దన్నారు, అందరూ విన్నారు, ఇంటికి పోదాం పద అంది.