ముప్ఫై అడుగుల సర్వీసు

ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. ఎంత వంకర ముక్కు మీదైనా జోడు జారకుండా కాడలు వంచడంలో దిట్ట. మెడ పక్కన గడ్డ కనిపించింది కూడా దుకాణంలోని అద్దంలోనే. డాక్టరు లింఫోమా అనే క్యాన్సరన్నాడు, నయమయ్యే రకమే అన్నాడు, ఆరుసార్లు కీమో ఎక్కించాలన్నాడు. రెండుసార్లు ఎక్కించేసరికి ఆమె దాచుకున్నదీ, ఆమెను పెంచిన పిన్ని బట్టలు కుట్టి దాచుకున్నదీ ఊడ్చుకుపోయింది.

"అడగందే అమ్మైనా పెట్టదు, పద" అంది పిన్ని.

వైద్య సహాయ కార్యాలయంలో రెండు కిటికీలున్నాయి. మొదటి కిటికీలో గుమాస్తా కాగితాలు అందుకుని వయసు అడిగాడు.

"ఇరవై ఆరండీ."

"ఇది పిల్లల కిటికీ అమ్మా, పద్దెనిమిది లోపు. రెండో కిటికీకి వెళ్ళండి."

రెండో కిటికీలో ఎవరూ లేరు. వీళ్ళు అక్కడికి చేరేలోపు అదే గుమాస్తా కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి కూర్చున్నాడు. వీళ్ళ మొహాలు ఎన్నడూ చూడనట్టు తలెత్తి, "వయసెంత?" అన్నాడు.

"ఇందాకే చెప్పింది కదా బాబూ" అంది పిన్ని.

"అది ఆ కిటికీలో చెప్పారు."

"ఇరవై ఆరు."

"ఇది పెద్దల కిటికీ. నలభై అయిదు నిండాలి."

"మరి మధ్యవాళ్ళకో?"

గుమాస్తా నిజంగానే ఆలోచించాడు. "మధ్యవాళ్ళు మామూలుగా ఆరోగ్యంగా ఉంటారండీ."

"అయితే పంతొమ్మిదేళ్ళు ఆగి రమ్మంటావా?"

"ఆగగలిగితే మాకేం అభ్యంతరం లేదు" అన్నాడతను మర్యాదగా.

రెంటికీ చెడ్డ రేవడిలా ఇద్దరూ ఆస్పత్రికి తిరిగొచ్చారు. అక్కడ రోగులకు దారి చూపించే బల్ల వెనక ఒకావిడ కూర్చుంటుంది. చుట్టూ ఎప్పుడూ కట్టలు కట్టలుగా ఫైళ్ళుంటాయి కాబట్టి అందరూ ఫైళ్ళమ్మ అంటారు. జరిగింది విని ఆవిడ కట్టలన్నీ దింపింది. అట్టడుగున పసుపెక్కిన కాగితం ఒకటి దొరికింది. ట్రాము కండక్టర్ల సంక్షేమ నిధి. ముప్ఫై అయిదేళ్ళు దాటని కండక్టరు పెద్ద జబ్బున పడితే వైద్యం ఖర్చంతా భరించబడును.

"ఈ ఊళ్ళో ట్రాములెక్కడివండీ?" అంది అమ్మాయి.

"ముప్ఫై ఏళ్ళ కిందటే ఆగిపోయాయి. నిధి ఆగలేదు. వడ్డీ పెరుగుతూనే ఉందట. వెళ్ళి చూడండి, పోయేదేముంది."

నిధి ఆఫీసు పాత ట్రాము షెడ్డులో ఉంది. తీసుకెళ్ళడానికి ఎవరూ రాక ఒక ట్రాము అక్కడే మిగిలిపోయింది. దాని పక్కన బల్ల వేసుకుని ముగ్గురు ముసలివాళ్ళు కూర్చున్నారు. కండక్టరుగా చేసి నిధికి కార్యదర్శి అయినాయన, టికెట్లు తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు, సగం చెవుడు వచ్చిన డ్రైవరు.

కార్యదర్శి ఆమె కాగితాలు రెండుసార్లు చదివాడు. "అమ్మా, నువ్వు కండక్టరువి కావు. మాకు ఇవ్వాలనే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దామనే కూర్చున్నాం. తీసుకునేవాళ్ళే లేరు. మాలో చిన్నవాడికి డెబ్భై ఒకటి."

"కండక్టరు కావాలంటే ఏం చెయ్యాలండీ?" అంది పిన్ని.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న వాళ్ళనెవరూ అడగలేదు. కార్యదర్శి నిబంధనల పుస్తకం తెచ్చి, వేలు పెట్టుకుంటూ చదివాడు. మూడు వారాల శిక్షణ. యూనిఫాం. ఆ తరవాత ఇన్‌స్పెక్టరు సమక్షంలో, టికెట్టు కొన్న ప్రయాణికులతో ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపుకు ఒక సర్వీసు.

"అంటే ట్రాము కదలాలి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కదిలిందని రాసేసుకుంటే?" అంది అమ్మాయి మెల్లగా.

కార్యదర్శి పుస్తకం మూసేశాడు. "ఏమంటోంది?" అన్నాడు డ్రైవరు.

"దొంగ రికార్డు రాయమంటోంది" అని ఇన్‌స్పెక్టరు ఆయన చెవిలో అరిచాడు.

"చిన్నపిల్ల, తెలీదులే" అన్నాడు డ్రైవరు.

అయినా వాళ్ళు వదల్లేదు. పుస్తకమంతా గాలించి, రెండు స్టాపుల మధ్య ఎంత దూరముండాలో ఎక్కడా రాయలేదని కార్యదర్శి కనిపెట్టాడు. షెడ్డు లోపలి గోడ దగ్గరొకటి, గేటు దగ్గరొకటి స్టాపు బోర్డులు పాతారు. మధ్య ముప్ఫై అడుగులు. కరెంటు తీగలు ఎప్పుడో పోయాయి. అయితే ఏ శక్తితో కదలాలన్నది కూడా పుస్తకంలో లేదు.

మూడోసారి కీమో అప్పు చేసి ఎక్కించారు. ఆ వారమే శిక్షణ మొదలైంది. ఇన్‌స్పెక్టరు తన పాత కోటు ఇచ్చాడు. పిన్ని దాన్ని కుదించి కుట్టింది, అమ్మాయి చిక్కిపోయాక మళ్ళీ కుదించింది. జుట్టు రాలి టోపీ కనుబొమల మీదికి జారుతుంటే లోపల మెత్త వేసింది. ఇన్‌స్పెక్టరు రోజూ ప్రయాణికుడిగా ఎక్కి ప్రాణాలు తోడేసేవాడు. పెద్ద నోటిచ్చి చిల్లర అడిగేవాడు, లేని స్టాపుకు టికెట్టు అడిగేవాడు, నిద్రపోయినట్టు నటించేవాడు. ఒకరోజు ఆమె బకెట్లో వాంతి చేసుకుంది. ఆయన నీళ్ళిచ్చి, వీపు నిమిరి, తరవాత పుస్తకంలో రాసుకున్నాడు. కండక్టరుకు డ్యూటీలో వాంతి. సీటు పాడవలేదు.

ఆ వారాల్లో ఆమెకు ఒక్కటి బాగా నచ్చింది. షెడ్డులో ఎవరూ ఆమెను ఎలా ఉన్నావని అడగలేదు. చిల్లర ఎందుకు తప్పిందని అడిగారు.

సర్వీసు రోజు వచ్చింది. తోయడానికి కళ్ళజోళ్ళ దుకాణం యజమాని వచ్చాడు. ఫైళ్ళమ్మ ఆస్పత్రి నుంచి స్ట్రెచర్లు తోసేవాళ్ళను నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. తోయడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. పిన్ని కూడా చీర కొంగు బిగించి వెనక్కి వెళ్ళబోతే కార్యదర్శి ఆపాడు. "మీరు టికెట్టు కొన్నారు. ప్రయాణికులు తోయకూడదు."

డ్రైవరు గంట కొట్టి, దేనికీ కలిపి లేని పిడిని గంభీరంగా తిప్పాడు. చక్రాలు కీచుమన్నాయి. ట్రాము కదిలింది. పన్నెండు అడుగులు వెళ్ళి ఆగిపోయింది. పట్టాల్లో రాయి అడ్డం పడింది. దుకాణం యజమాని వంగి దాన్ని తీస్తుంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "ముందు ట్రాఫిక్కు, అందరూ ఓపిక పట్టండి" అన్నాడు.

మళ్ళీ కదిలాక ఆమె పైనుంచి వేలాడే పట్టీ పట్టుకుని టికెట్లు చూసింది. పిన్ని దగ్గరుంది. కార్యదర్శి దగ్గరుంది. ఇన్‌స్పెక్టరు దగ్గర లేదు.

"టికెట్టు చూపించండి తాతగారూ."

"నేను ఇన్‌స్పెక్టర్ని."

"ఇన్‌స్పెక్టరైతే కోటేదండీ?"

కోటు ఆమె ఒంటి మీదుంది. ఆయన గొంతు తగ్గించాడు. "తరవాతి స్టాపులో దిగిపోతాను."

"తరవాతి స్టాపు దాకా మాత్రం ఊరికే ఎలా వస్తారు?"

"ఒంట్లో బాలేదమ్మా. కాస్త జాలి చూపించు."

"నాకూ బాలేదండీ. జరిమానా కట్టండి."

ఆయన జేబులు తడిమి, గొణుక్కుంటూ కట్టాడు. ఆమె రసీదిచ్చింది. ట్రాము గేటు దగ్గర బోర్డును చేరి ఆగింది. స్ట్రెచర్ల వాళ్ళు నేల మీద కూలబడ్డారు. ఇన్‌స్పెక్టరు కళ్ళు తుడుచుకుంటూ రిజిస్టరులో రాశాడు. అభ్యర్థి కఠినాత్మురాలు. ఉద్యోగానికి అన్నివిధాలా అర్హురాలు.

చెక్కు మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు. ముప్ఫై ఏళ్ళ కిందటి సంతకాలతో కలవలేదని బ్యాంకు వెనక్కి పంపింది. ముగ్గురినీ ఆటోలో తీసుకెళ్ళి, ఇప్పుడు చేతులు వణుకుతాయని మేనేజరుకు చూపించాల్సొచ్చింది. అప్పు తీరింది, మిగిలిన మూడు కీమోలకూ సరిపోయింది. ఎండలు ముదిరే నాటికి స్కాను శుభ్రంగా వచ్చింది. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నాడు డాక్టరు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని పిన్ని చాలాసేపు ఏడ్చింది. అమ్మాయికి ఏడుపు రాలేదు, ఆకలేసింది.

జబ్బు నయమైన కండక్టరు సంగతేమిటని కార్యదర్శి పుస్తకం చూశాడు. వారం లోపు డ్యూటీలో చేరవలెను అని ఉంది. అంచేత ప్రతి గురువారం ఆమె మధ్యాహ్నానికి దుకాణంలో సెలవు పెట్టి షెడ్డుకు వెళ్తుంది. పని లేకపోలేదు. ఫైళ్ళమ్మ ఈ మధ్యే గోడలకు రంగులేసే ఒక కుర్రాణ్ణి పంపింది. ఇరవై రెండేళ్ళు, ఎముకలో జబ్బు. ట్రాము ఇప్పుడు గేటు దగ్గరుంది కాబట్టి అతని సర్వీసు లోపలికి. డ్రైవరు పిడి ఊడదీసుకుని ట్రాము రెండో చివరికి మారాడు.

"తోస్తుంటే పడిపోనా?" అన్నాడతను, చంక కర్ర సర్దుకుంటూ.

"కాళ్ళు ఎడంగా పెట్టు. ఆ పట్టీ పట్టుకోకు, అది వదులుగా ఉంది" అంది ఆమె. "ముందు చిల్లర లెక్కపెట్టుకో. తాతగారు పెద్ద నోటిస్తారు."